చెక్‌పోస్టు మాహాత్మ్యం

కరోనా కాలంలో దేశంలోకెల్లా ఎక్కువ నుదుళ్లు చూసింది జ్యోతిష్కుడు కాదు, థర్మల్ గన్ను. విమానాశ్రయం గేటు దగ్గర, కలెక్టరేట్ మెట్ల దగ్గర, చివరికి కల్యాణ మండపం గుమ్మంలోనూ అదే స్వాగతం. నుదుటికి గురిపెడితే మెదడు దెబ్బతింటుందని వాట్సాప్‌లో తీర్పు రావడంతో గురి కాస్తా మణికట్టుకు దిగింది. అక్కడ 93 చూపించేది, ఒక్కోసారి 91. వైద్యశాస్త్రం ప్రకారం ఒళ్లు నిజంగా అంత చల్లబడితే ఆ మనిషిని ఆసుపత్రికి మోసుకుపోవాలి. మన సెక్యూరిటీ గార్డు మాత్రం "నార్మల్ సార్, వెళ్లండి" అని బట్టల షాపులోకి పంపేవాడు. రిజిస్టర్లో మొదటి వరసలో 96.4 అని రాస్తే పేజీ చివరిదాకా అదే అంకె. సమసమాజం వస్తుందో రాదో గానీ, ఊరంతటికీ ఒకటే ఒంటి వేడి మాత్రం వచ్చేసింది.

పాపం, గన్నుదేం తప్పు లేదు. చర్మం మీద వేడి చూడమన్నారు, చూసింది. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి సగటున ఐదు రోజులు, ఒక్కోసారి పద్నాలుగు రోజులూ పడుతుంది. ఆ లోపల గన్ను కంటికి మనిషి నిక్షేపంగా ఉంటాడు. జ్వరం వచ్చినా ఫరవాలేదు, ఒక పారాసిటమాల్ వేసుకుని క్యూలో నిలబడితే గన్ను చల్లబడిపోతుంది. 2020 మార్చిలో అటు తెలంగాణ ముఖ్యమంత్రీ, ఇటు ఆంధ్ర ముఖ్యమంత్రీ జనానికి ఆ మాత్ర పేరే చెప్పి ధైర్యమిచ్చారు. నీళ్ల దగ్గర, ఆస్తుల దగ్గర కుదరని ఏకాభిప్రాయం రెండు రాష్ట్రాలకూ పారాసిటమాల్ దగ్గర కుదిరింది.

ఇదంతా ముందు తెలియదా అంటే, తెలుసు. 2003లో సార్స్ వచ్చినప్పుడు కెనడా తన విమానాశ్రయాల్లో సుమారు 65 లక్షల తనిఖీలు చేసింది. 9,100 మందిని పక్కకు పిలిచి మళ్లీ చూశారు. దొరికిన సార్స్ రోగులు సున్నా. మన దగ్గరా 2020 జనవరిలోనే చైనా నుంచి వచ్చేవాళ్లకు స్క్రీనింగ్ మొదలైంది. జనవరి 30న దేశంలో తొలి కేసు కేరళలో తేలింది. వుహాన్ నుంచి వచ్చిన ఆ విద్యార్థిని సంగతి బయటపెట్టింది గన్ను కాదు. ఇంటికి చేరాక గొంతు నొప్పి, దగ్గు మొదలై త్రిశ్శూరులో ప్రభుత్వాసుపత్రికి వెళితే అక్కడ తెలిసింది. అయినా గన్నుల కొనుగోళ్లు ఆగలేదు. ఆసుపత్రి కట్టాలంటే ఏళ్లు పడుతుంది, గన్ను పట్టుకుని ఫొటో దిగాలంటే క్షణం చాలు.

ఇక టీవీ చర్చలు. ఒకాయన "సరిహద్దులు మూసేయాలి" అని బల్ల గుద్దాడు. ఇంకొకాయన "వైరస్‌కు పాస్‌పోర్టు ఉంటుందా" అని నవ్వాడు. మూస్తే లాభం లేదనడమూ అబద్ధమే. న్యూజిలాండ్ 2020 మార్చి 19న విదేశీయులకు తలుపు వేసింది. తిరిగొచ్చే సొంత పౌరులను పద్నాలుగు రోజులు హోటళ్లలో ఉంచి కనిపెట్టుకుంది. ఆ ఏడాది ఆగస్టు దాకా 102 రోజులు దేశం లోపల వ్యాప్తి కనబడలేదు. అంతకు ఆరు వందల ఏళ్ల ముందు, 1377లో, ప్లేగు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను రగుసా నగరం నెల రోజులు బయటే ఉంచమంది. అప్పటికి థర్మామీటరే పుట్టలేదు. వాళ్లు ఒంటి వేడిని కాదు, రోజులను లెక్కపెట్టారు. అడ్డుకట్టకు అర్థం అక్కడుంది. అది రోగాన్ని ఆపదు, కాస్త గడువు కొనిపెడుతుంది. ఆ గడువులో ఏం చేశారన్నదే లెక్క.

మనం ఏం చేశామో రెండు రాష్ట్రాల సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు చెబుతుంది. 2020 మార్చి 25న హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయించారు, ఊళ్లకు పొమ్మని పోలీసులే పత్రాలిచ్చారు. ఆ పత్రం పట్టుకుని పిల్లలు బైకుల మీద, కార్లలో సరిహద్దుకు చేరితే, ఇక్కడ అది చెల్లదు పొమ్మన్నారు ఆంధ్ర పోలీసులు. వెనక హాస్టల్ లేదు, ముందు ఊరు లేదు. ఒకరికొకరు దూరం పాటించాలని ఉదయం నుంచి టీవీలో చెబుతున్న ప్రభుత్వాలే సాయంత్రానికి వేలమందిని ఒక్క గేటు ముందు గుంపు చేశాయి. రోగం అంటించడానికి ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటు వైరస్ కూడా చేసుకోలేదు.

ఏడాది తిరిగేసరికి అవతలి వంతు వచ్చింది. 2021 మే 3 నుంచి ఆస్ట్రేలియా, ఇండియా నుంచి తిరిగొచ్చే తన పౌరులకే ఐదేళ్ల దాకా జైలు తప్పదని బెదిరించింది. మెల్‌బోర్న్, సిడ్నీల్లో పిల్లలున్న తెలుగు ఇళ్లన్నీ భగ్గుమన్నాయి. సొంత మనుషులనే రానివ్వరా, ఇదేం అమానుషం అని మనమంతా ధర్మపన్నాలు చెప్పాం. వారం తిరిగింది. మే 10న కర్నూలు దాటగానే పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర తెలంగాణ పోలీసులు హైదరాబాద్ వెళ్లే అంబులెన్సులను ఆపారు. లోపల ఆక్సిజన్ మీద రోగి, బయట కాగితం అడిగే ఖాకీ. ఆసుపత్రిలో బెడ్ ఖాయమైందా, కంట్రోల్ రూమ్ అనుమతి ఉందా అని ప్రశ్నలు. పడకలు చాలడం లేదన్న మాట అబద్ధం కాదు. కానీ విభజన చట్టం ప్రకారం హైదరాబాద్ అప్పటికింకా మూడేళ్లపాటు ఉమ్మడి రాజధాని. రాజధాని ఉమ్మడే, రోగమూ ఉమ్మడే, ఊపిరి మాత్రం వేరువేరు పద్దు. చివరికి మే 14న తెలంగాణ హైకోర్టు, అనుమతి ఉంటేనే రానివ్వాలన్న ఉత్తర్వు మీద స్టే ఇస్తే గాని అంబులెన్సు కదల్లేదు. ఆస్ట్రేలియా ప్రధానిని తిట్టిన నోళ్లు ఆ నాలుగు రోజులు మాస్కు వెనకే ఉండిపోయాయి.

ప్రపంచం మాత్రం మనకంటే తెలివైనదా? అదే ఏడాది నవంబరు 24న దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు కొత్త రకం వైరస్ కనిపెట్టి నిజాయితీగా చెప్పారు. మెచ్చుకోలుగా వాళ్ల విమానాలు ఆపేశారు. తీరా చూస్తే నెదర్లాండ్స్‌లో నవంబరు 19న తీసిన నమూనాలోనే ఒమిక్రాన్ ఉంది. డిసెంబరు 2న మన దేశంలో తేలిన మొదటి రెండు కేసుల్లో ఒకరు విదేశాల ముఖం చూడని బెంగళూరు డాక్టరు. దొంగ ఇంట్లో భోంచేస్తుంటే వీధి తలుపుకు గడియ పెట్టినట్టయింది. దీంతో నేర్చుకున్న నీతి ఒకటే: రోగాన్ని ముందు కనిపెట్టినవాడికే ముందు శిక్ష. రేపు ఏ దేశం నోరు విప్పుతుంది?

రేపంటూ ఒకటి వస్తుంది. ఇంకో వైరస్ వస్తుంది, గోదాముల్లో గన్నులకు కొత్త బ్యాటరీలు పడతాయి, స్టూడియోల్లో మళ్లీ బల్లలు గుద్దుతారు. మూయాలా, తెరవాలా అని వాళ్లు అరుస్తుండగా ఉత్తర్వు మీద సంతకం పెట్టబోయే అధికారిని రెండే అడగాలి. ఈ గేటు ఎన్ని రోజుల గడువు తెస్తుంది, ఆ రోజుల్లో ఎన్ని పడకలు వేస్తారు? ఇక్కడ ఆపిన మనిషికి ఈ రాత్రి అన్నం, పడక ఎవరిస్తారు? ఈ రెంటికీ జీవోలో జవాబుంటే గేటు వేయండి, మేమే వరసలో నిలబడతాం. లేకపోతే పక్కకు తప్పుకుని అంబులెన్సును పోనివ్వండి.