"ఏదైనా మందు కొట్టండి": సటీకా తాత్పర్యం

మూలం: "ఏమండీ, నిమ్మచెట్టు ఆకులన్నీ పురుగులు తినేస్తున్నాయి. ఏదైనా మందు కొట్టండి."

అవతారిక: ఈ వాక్యానికి కర్త్రి ఇంటి ఇల్లాలు. రంగస్థలం పెరడు. శ్రోత వరండాలో పేపరు తిరగేస్తున్న గృహస్థు. చిగుళ్ళు వేసే ప్రతి కాలంలోనూ ఏదో ఒక పెరట్లో వినపడే ఈ వాక్యానికి సరైన వ్యాఖ్యానం లేకపోవడం వల్ల చాలా అనర్థం జరుగుతోంది. గృహస్థు దీన్ని పట్టుకుని తిన్నగా మందుల దుకాణానికి వెళ్తాడు. విన్నది విన్నట్టు అప్పజెబుతాడు. దుకాణదారు అరలోంచి ఏ సీసా తీసి చేతిలో పెట్టినా మూలానికి విరుద్ధం కాదు. వాక్యం అంత ఉదారమైనది.

మెదకు సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసాదుల కావ్యాలకు వ్యాఖ్యలు రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. మొదటి నియమం ఈ టీకకూ వర్తిస్తుంది. రెండోదానికి మాత్రం కొంత మినహాయింపు కావాలి. మూలకర్త్రి ఆకు పైభాగం చూసి మాట్లాడింది, సగం కథ ఆకు అడుగున ఉంది.

ప్రతిపదార్థం: ఏమండీ = ఓ నాథా; నిమ్మచెట్టు = జంబీర వృక్షము యొక్క; ఆకులన్నీ = సమస్త పత్రములను; పురుగులు = కీటకములు; తినేస్తున్నాయి = నిశ్శేషముగా భక్షించుచున్నవి; ఏదైనా = ఇది యను నియమము లేక; మందు = ఔషధమును; కొట్టండి = ప్రయోగింపుడు.

పరీక్షలో మార్కులకైతే ఈ అర్థం చాలు. చెట్టుకు చాలదు.

"ఆకులన్నీ" అన్నది అతిశయోక్తి. నిమ్మను పీడించే పురుగుల్లో ముఖ్యమైనవి లేత చిగుళ్ళ మీద పడతాయి, ముదిరిన ఆకును సాధారణంగా వదిలేస్తాయి. కాపుకొచ్చిన చెట్టుకు నాలుగు చిగుళ్ళు పోతే పట్టింపు లేదు. కుండీలో ఉన్న మూరెడు మొక్కకు మాత్రం ఆ నాలుగు చిగుళ్ళే ఆస్తి. కాబట్టి "నిమ్మచెట్టు" అన్న చోటే వయసు తేల్చుకోవాలి. మూలంలో ఆ వివరం లేదు.

ఇక "పురుగులు". బహువచనం సరే, జాతి ఏది?

మొదటి అనుమానితుడు నిమ్మ సీతాకోకచిలుక. నల్లటి రెక్కల మీద లేత పసుపు మచ్చలు. తల్లి లేత ఆకు మీద ఒక్కో గుడ్డు చొప్పున పెట్టుకుంటూ పోతుంది. బయటికొచ్చిన పిల్లపురుగు అచ్చం పిట్ట రెట్టలా, గోధుమ నలుపుల మధ్య తెల్లటి మరకతో పడి ఉంటుంది. చూసినవాళ్ళు మొహం తిప్పుకుంటారు, పిట్టలు కూడా. పెద్దదయ్యాక ఆ వేషం మార్చి ఆకుపచ్చగా తయారవుతుంది. వేలితో కదిపితే తల వెనక నుంచి రెండుగా చీలిన కొమ్ము ఒకటి బయటికి తోసి ఘాటైన వాసన కొడుతుంది. ఇదే పురుగు కరివేపాకు మీదా మారేడు మీదా కనిపిస్తుంది. నిమ్మ, కరివేప, మారేడు ఒకే కుటుంబానివని వృక్షశాస్త్రజ్ఞులు పువ్వులు విప్పి చూసి తేల్చారు. సీతాకోకచిలుక ఆకు రుచి చూసే తేల్చుకుంది.

దీనికి చికిత్స మన చెయ్యే. పురుగు పెద్దది, కంటికి కనపడుతుంది, పారిపోదు. పొద్దున కరివేపాకు కోసేటప్పుడే గుడ్లూ పురుగులూ ఏరేస్తే సరి. సీతాకోకచిలుకలు కావాలనుకునే ఇంట్లో ఒక కొమ్మను వాటికి వదిలేసేవారూ ఉన్నారు. ఇది శాస్త్రానికి విరుద్ధం కాదు.

రెండో అనుమానితుడు ఆకు తొలుచు పురుగు. దీన్ని చేత్తో ఏరడం కుదరదు, ఇది ఆకు మీద ఉండదు. ఆకు పొరకూ లోపలి కండకూ మధ్య దూరి తింటూ మెలికల దారి వేసుకుంటుంది. పైకి కనిపించేది వెండి రంగు గీత, ఆ గీత మధ్యలో సన్నటి నల్లటి చార. ఆ చార దాని మలం. ఆకు ముడుచుకుని వంకర తిరుగుతుంది. తల్లి పురుగు రెండు మూడు మిల్లీమీటర్ల రెక్కల పురుగు, రాత్రి తిరుగుతుంది, గృహస్థు దాన్ని జన్మలో చూడడు. ఆకు మీద పడి ఆగిపోయే మందు ఏదైనా ఇక్కడ గోడ బయట కాపలా కాయడమే. పైగా ఈ గీతల గాయాల గుండా నిమ్మ గజ్జి తెగులు లోపలికి పోతుంది. అది బ్యాక్టీరియా వల్ల వచ్చేది, పురుగుమందుకు లొంగదు. యూరియా గుప్పెళ్ళ కొద్దీ వేసి, అస్తమానం కొమ్మలు కత్తిరిస్తూ చెట్టు చేత ఏడాది పొడవునా చిగుళ్ళు వేయించే ఇళ్ళలో ఈ పురుగుకు పండగే. కత్తిరింపు తగ్గించి, చిగురు ఒక్కసారిగా వచ్చి ముదిరేలా చూడటం సగం వైద్యం. మిగతా సగం చిగురు గోరంత ఉన్నప్పుడే చల్లే వేప కషాయం.

"తినేస్తున్నాయి": ఈ క్రియ అందరికీ అన్వయించదు. పిండినల్లి, పేనుబంక, పొలుసు పురుగు, తెల్లదోమ ఆకును తినవు, పీలుస్తాయి. ఆకుకు చిల్లు పడదు, అంచు తరగదు. పాలిపోయి, ముడుచుకుని, జిగురు పట్టి, చివరికి నల్లటి మసి కమ్ముతుంది. ఆ జిగురు పురుగు విసర్జించే తీపి ద్రవం. మసి దాని మీద పెరిగే బూజు. మామిడి పూత మీద ఇదే వ్యవహారం నడిపే పురుగును రైతులు తేనెమంచు పురుగు అంటారు. పెరట్లో మందారం దగ్గర మొదట కనపడేవి చీమలు. తీపి కోసం అవి పిండినల్లికి కావలి కాస్తాయి, దాన్ని తినడానికొచ్చిన అక్షింతల పురుగును తరిమేస్తాయి. గృహస్థు చీమల మీద పొడి చల్లి సంతృప్తి పడతాడు. కొంత ఫలితం ఉంటుంది కూడా, చీమ అడ్డు తొలగితే పిండినల్లి శత్రువులు పని మొదలుపెడతాయి. అంతకన్నా మేలు, గొట్టంతో నీళ్ళు గట్టిగా కొట్టి, మిగిలినవాటి మీద ఆకు అడుగున పడేలా పలచటి సబ్బునీళ్ళు చల్లడం. సబ్బు ఒంటికి తగిలితేనే పనిచేస్తుంది, ఆరిపోయాక దానికి ఏ శక్తీ లేదు. బట్టల సబ్బు పొడి చిక్కగా కలిపితే మాడేది ఆకు.

అసలు తినని దొంగ కూడా ఉంది. గులాబీ ఆకుల అంచున కత్తెరతో కత్తిరించినంత శుభ్రంగా అర్ధచంద్రాలు కనిపిస్తే అది ఆకు కోసే తేనెటీగ. ముక్క పట్టుకుపోయి గూటిలో పిల్లలకు అర కడుతుంది. పూలకు పుప్పొడి మోసేది కూడా అదే. దాని మీద మందు కొట్టమనడం మూలకర్త్రి ఉద్దేశం కాదని టీకాకారుడి నమ్మకం.

ఇప్పుడు వివాదాస్పదమైన పదం, "ఏదైనా".

దీని మీద మూడు మతాలున్నాయి. దుకాణం వారి మతం: ఏదైనా అంటే ఘాటైనది, వాసన వీధి చివరకు రావాలి. పక్కింటివారి మతం: ఏదైనా అంటే వాళ్ళింట్లో మిగిలిపోయింది. అత్తగారి మతం: ఏదైనా అంటే పొయ్యిలో బూడిద. వీటిలో మూడోది అన్నిటికన్నా తక్కువ హాని చేస్తుంది, అన్నిటికన్నా తక్కువ పనీ చేస్తుంది.

మొదటి రెండు మతాల మీద ఆక్షేపణ ఇది. పొలంలో పత్తికి కొన్న సీసా పెరట్లో కరివేపాకు మీదికి రావడం మామూలైపోయింది. కరివేపాకు కొమ్మ మీంచి సూటిగా తాలింపులోకి వెళ్తుంది, మధ్యలో విషం తగ్గేదాకా ఆగే నిరీక్షణ కాలం లేదు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందును కూరగాయల మీద వాడరాదని కేంద్రం 2005లో ఉత్తర్వు ఇచ్చింది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. పురుగుమందు సీసా మీద ఒక చతురస్రం, అందులో రంగు త్రిభుజం ఉంటుంది: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, విషం తీవ్రత తగ్గే క్రమంలో. ఆకుపచ్చ ఉన్నంత మాత్రాన అది మంచినీళ్ళు కాదు. ఎరుపు త్రిభుజం ఉన్నదానికి పెరట్లో ఏ పనీ లేదు.

పూర్వపక్షం: పెద్దలు ఇంత విచారం చేశారా? ఏదో ఒకటి చల్లేవారు కదా?

సమాధానం: చేశారు. సురపాలుడి పేర దొరికిన సంస్కృత వృక్షాయుర్వేదం చెట్ల జబ్బులను వాత పిత్త కఫాల వల్ల లోపల పుట్టేవని, పురుగులూ చలీ లాంటివాటి వల్ల బయటి నుంచి వచ్చేవని ముందు విడదీస్తుంది, తర్వాతే చికిత్స చెబుతుంది. ఆ తాళపత్ర కాలపు గ్రంథానికి నళినీ సాధలే చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ 1996లో అచ్చువేసింది. దానిలోని చికిత్సలన్నీ నేడు పనిచేస్తాయని చెప్పడం టీకాకారుడి ఉద్దేశం కాదు. ప్రశ్నల క్రమం మాత్రం దుకాణం వారి మతం కన్నా మెరుగ్గా ఉంది.

"మందు": ఔషధం సీసాలోనే ఉండాలన్న నియమం లేదు, కొన్నిసార్లు దానికి ఆరు కాళ్ళుంటాయి. చైనాలో క్రీ.శ. 304 నాటిదని చెప్పే ఒక వృక్షగ్రంథం, నారింజ తోటల కోసం ఎర్రచీమల గూళ్ళను సంతలో అమ్మేవారని రాసింది. కాలిఫోర్నియా నారింజ తోటలను తెల్లటి పొలుసు పురుగు తుడిచిపెడుతుంటే, 1888లో కీటకశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ కోబెల్ ఆస్ట్రేలియా వెళ్ళి ఒక చిన్న అక్షింతల పురుగును వెతికి పంపాడు. ఏడాది రెండేళ్ళలో తోటలు తేరుకున్నాయి. మన దగ్గరి కథ ఇంకా తాజాది. మెక్సికో వైపు నుంచి వచ్చిన బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో కనపడింది. బొప్పాయి, మందారం, మల్బరీ, కంది, ఏది దొరికితే దానికి పట్టింది. మందులతో అదుపు కాలేదు. 2010లో బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటకాల సంస్థ ప్యూర్టోరికో నుంచి మూడు రకాల సూక్ష్మ కందిరీగలను తెప్పించి వదిలింది. అవి పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెట్టే రకం. వాటిలో ఎసెరోఫాగస్ పపాయే అనేది పని పూర్తి చేసింది.

ఇక్కడొక హెచ్చరిక అత్యవసరం. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే ఆస్ట్రేలియా పెంకుపురుగు 1898లోనే భారతదేశానికి వచ్చింది. దాని పిల్లపురుగులు ఒళ్ళంతా తెల్లటి మైనపు కుచ్చులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటాయి, కాకపోతే పెద్దవి, చకచకా నడుస్తాయి. గృహస్థు ముందుగా నలిపేది వీటినే.

సీసాలో దొరికేవాటిలో గొంగళిపురుగులకు బాసిల్లస్ తురింజియెన్సిస్ మంచిది. తిన్న పురుగే చస్తుంది, పీల్చేవాటి మీద పనిచేయదు. ఈ సూక్ష్మజీవిని 1901లో జపాన్‌లో చచ్చిపోతున్న పట్టుపురుగుల్లో కనిపెట్టారు. కాబట్టి హిందూపురం వైపు మల్బరీ తోట పక్కన ఇల్లున్నవారు దాన్ని ముట్టుకోకపోవడం ఇరుగుపొరుగు ధర్మం.

వేప సంగతి అందరికీ తెలుసు, కొలత తెలియదు. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు. దంచి, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, చిటికెడు సబ్బు కలపాలి. 1962లో ఢిల్లీలో కీటకశాస్త్రజ్ఞుడు ఎస్. ప్రధాన్ ఇలాంటి వేపపప్పు నీళ్ళే పైరు మీద చల్లితే మిడతల దండు వాలింది గానీ తినలేదు. వేప వెంటనే చంపదు. తిండి మానిపిస్తుంది, కుబుసం విడవనివ్వదు. మర్నాడే పురుగు బతికుందని తిట్టుకునేవారు దీన్ని వాడకపోవడం మంచిది.

శంక: వేప అంత చేదైతే తొలకరి వానకు నేలలోంచి లేచే పెంకుపురుగులు వేపాకునే తింటున్నాయే?

సమాధానం: తింటాయి. వేరుపురుగుల తల్లులవి, చీకటి పడగానే వేప, జామ మీద గుంపుగా వాలతాయి. వాటిని కొమ్మలు దులిపి సబ్బునీళ్ళలో ముంచడమే మేలు. ప్రతి విషానికీ తట్టుకునే నోరు ఎక్కడో ఉంటుందని వేప కూడా ఒప్పుకోవాలి.

"కొట్టండి": సాయంత్రం కొట్టాలి. ఎండకు వేప గుణం చెడుతుంది, పగలు పూల మీద తేనెటీగలు ఉంటాయి. ఆకు అడుగు తడవాలి. గాలికి ఎదురు నిలబడకూడదు.

చివరగా ఎప్పుడు అన్న ప్రశ్న. నందివర్ధనాన్ని తినే గన్నేరు రెక్కల పురుగు పిల్లపురుగు దీనికి ఉదాహరణ. బొటనవేలంత లావు, ఆకుపచ్చ ఒళ్ళు, బెదిరిస్తే ఉబ్బి కనపడే, కళ్ళలాంటి రెండు నీలి మచ్చలు, తోక దగ్గర కొమ్ము. ఆకుల్లో ఆకులా కలిసిపోతుంది గనుక దొరకడం కష్టం. దొరికించేవి చెట్టు కింద పడే మిరియాల కన్నా పెద్ద నల్లటి రెట్టలు. అవి తాజాగా ఉంటే నెత్తి మీద వెతకాలి. ఎండిపోయి ఉంటే పురుగు అప్పటికే దిగిపోయి, రాలిన ఆకుల కింద కోశస్థ దశలో ఉంటుంది. పుల్లలు మిగిలిన ఆ నందివర్ధనం ముందు గృహస్థు సీసా, పంపు, ముక్కుకు గుడ్డ సిద్ధం చేసుకుని నిలబడితే, కొట్టడానికి అక్కడ ఆకూ లేదు, పురుగూ లేదు. పంపు కడిగి లోపల పెట్టి, మొక్కకు నీళ్ళు పోస్తే కొన్ని వారాల్లో మళ్ళీ చిగురిస్తుంది.