కుక్కపిల్లకు టీకా, ప్రకటనకు తాత్పర్యం

మూలము: "ఇంపోర్ట్ బ్లడ్‌లైన్ లాబ్రడార్. హెవీ బోన్. షో ప్రాస్పెక్ట్. విత్ పేపర్స్. నలభై ఐదు రోజులు, ఫుల్ వాక్సినేటెడ్. సీరియస్ బయ్యర్లు మాత్రమే అడ్వాన్స్ పంపగలరు. పిల్ల చేరాక మాకు సంబంధం లేదు."

అవతారిక. పై గద్యం ఏ మహానగరంలో పుట్టినా ఫోన్ల మీదుగా పామర్రు, చల్లపల్లి, మోపిదేవి దాటి అవనిగడ్డ చేరుతుంది. కర్త పేరు ప్రతిప్రతికీ మారుతుంది. ఫోన్ నంబరుకు పాఠాంతరాలున్నాయి. లిపి తెలుగు, పదాలు ఇంగ్లీషు, అర్థం మాత్రం రెండు భాషల వారికీ దక్కలేదు. ఇదే కృష్ణ ఒడ్డున కాస్త ఎగువన ఉన్న శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలోకి వచ్చి తెలుగులో రాయమని కృష్ణదేవరాయలను ఆదేశించాడంటారు. ఆయన రాసిన ఆముక్తమాల్యదకే వేదం వేంకటరాయశాస్త్రిగారి వ్యాఖ్య కావలసి వచ్చింది. ఇక ఈ ప్రకటనను వ్యాఖ్య లేకుండా వదలడం పాపం కాదా? వ్యాఖ్యాతలకు మేటి మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆ ప్రతిజ్ఞ ఇక్కడ చెల్లదు. ఈ మూలంలో ఉన్నదే లేదు కనుక, ఏం రాసినా లేనిదే రాసినట్టవుతుంది.

"లాబ్రడార్": స్పష్టము. "ఇంపోర్ట్ బ్లడ్‌లైన్": ఇది స్పష్టం కాదు. దిగుమతి అయింది పిల్లా, తండ్రా, ముత్తాతా? విశేషణం ఎవరికి అన్వయిస్తుందో చెప్పకపోవడమే ఈ కవి శైలి. ముత్తాత ఒక్కడే విమానం దిగి ఉంటే పిల్లలో అతని పాలు ఎనిమిదో వంతు. అతని తండ్రి అయితే పదహారో వంతు. వ్యాపారం కోసం పిల్లలు పెట్టించడానికి కుక్కలను దిగుమతి చేసుకోవడంపై కేంద్రం 2016 ఏప్రిల్‌లోనే ఆంక్షలు పెట్టింది. అయినా ప్రకటనల్లో దిగుమతి రక్తం మాత్రం కృష్ణ కాలువలకు వదిలిన నీళ్లలా శివారు లంకల దాకా పారుతూనే ఉంది.

వంశం మాట వచ్చింది కనుక మూలపుటమ్మను తలుచుకోకుండా ముందుకు పోకూడదు. కుక్కకు సంస్కృతంలో సారమేయమని పేరు. సరమ సంతానం సారమేయం. దేవతల కుక్క ఈ సరమ. ఋగ్వేదం పదో మండలంలో ఆమెకూ పణులకూ ఒక సంవాదం ఉంది. పణులు ఆవులను దొంగిలించి దాచారు. సరమ రస అనే నదిని దాటి జాడ పట్టింది. మా చెల్లెలివై ఇక్కడే ఉండు, ఆవుల్లో వాటా ఇస్తామని వాళ్లు ఆశ పెట్టారు. చెల్లెలి వరసా వద్దు, వాటా వద్దని ఆమె తోసిపుచ్చింది. పణి అంటే వణిక్కే, అంటే వ్యాపారే, అని యాస్కుడు నిరుక్తంలో తేల్చాడు. అంటే కుక్కకూ, సరుకు దాచే బేరగాడికీ మధ్య వ్యాజ్యం వేదకాలం నాటిది. బృహద్దేవతలో కథ మరోలా నడుస్తుంది: అక్కడ సరమ పాలు తాగేసి, ఇంద్రుడి దగ్గరకు వచ్చి నేనేమీ చూడలేదంది. ఆధునిక భాషలో చెప్పాలంటే అడ్వాన్స్ ముట్టింది. ఇక భారతం. నన్నయ ఆదిపర్వం ఆరంభంలోనే సరమ మళ్లీ కనిపిస్తుంది. యజ్ఞశాల దగ్గర ఆడుకుంటున్న ఆమె పిల్లను జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారు. పిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరకు పోయింది. తల్లి నేరుగా రాజు దగ్గరకే వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని నిలదీసింది. అంత పెద్ద గ్రంథం వాకిట్లోనే ఒక తల్లికుక్క ఫిర్యాదు పెట్టారంటే ఊరికే పెట్టలేదు. ఇప్పటి ప్రకటనల్లో పిల్ల ఫొటోలు పాతిక ఉంటాయి, తల్లి ఫొటో ఒక్కటీ ఉండదు. తల్లి ఎక్కడుంది, ఏ గదిలో, ఎన్నో ఈతలో ఉంది, ఒంటి మీద ఎన్ని పిడుదులున్నాయి అని అడిగితే సమాధానం రాదు. సరమ నిలదీయడానికి వస్తుందని వాళ్లకు భయం కాబోలు. వ్యాఖ్య దారి తప్పింది. తిరిగి మూలానికి వద్దాం.

"హెవీ బోన్": స్థూలమైన ఎముక గలది. పాలపళ్లు సరిగా రాని పిల్లలో ఎముక గొప్పతనాన్ని ఫొటోలో చూసిన వారి దివ్యదృష్టికి నమస్కారం. తుంటికీలు సరిగ్గా కూర్చుందో లేదో తేల్చి ధ్రువపత్రం ఇవ్వాలంటే అమెరికాలోని ఆర్థోపెడిక్ ఫౌండేషన్ కుక్కకు 24 నెలలు నిండేదాకా ఆగుతుంది. మన కవి 45వ రోజునే తేల్చేశాడు. పైగా ఈ మాట నమ్మి, ఎముక ఇంకా బలియాలని కాల్షియం సీసాలు తాగిస్తారు. పెద్ద జాతుల పిల్లలకు కాల్షియం మితిమీరితే ఎదిగే ఎముకే వంకర తిరుగుతుంది. విశేషణం అమ్మినవాడిది, వంకర కాలు కొన్నవాడిది.

"షో ప్రాస్పెక్ట్": రేపు కుక్కల షోలో నిలవగలదన్న ఆశ. ఈ మూలానికి ఇదే ప్రాణపదం. సమాసమేది? షో యొక్క ప్రాస్పెక్ట్ అని షష్ఠీతత్పురుష చేస్తే పిల్ల షోకి వెళ్లాలి. షోయే ప్రాస్పెక్టుగా గలది అని బహువ్రీహి చేస్తే రెండు పదాలూ ముఖ్యం కావు, బయట ఉన్న మూడో పదార్థమే ముఖ్యం. ఆ మూడోది అమ్మినవాడి జేబు. బహువ్రీహే సమంజసం. తార్కికులైతే ప్రాగభావం అంటారు: కుండ పుట్టకముందు మట్టిలో కుండ లేకపోవడం లాంటిది, కుండ పుట్టగానే పోతుంది. ఈ పిల్లలో ఛాంపియన్ ఇంకా లేడు, కనుక ప్రాగభావమే అని కవి భావం. ఎన్నాళ్లకూ పుట్టకపోతే దాన్ని అత్యంతాభావం అంటారని ఆయన చెప్పడు. షోలో న్యాయనిర్ణేత చూసేవి తెలిసిన సంగతులే. ప్రమాణాలు ఎఫ్‌సీఐవి. ఈ డెల్టాలో ఆ మూడక్షరాలు వింటే ధాన్యం గోడౌను గుర్తొస్తుంది కాని, ఇది బెల్జియంలోని శునక సమాఖ్య. లాబ్రడార్ ప్రమాణం సంఖ్య 122. మగకుక్కకు రెండు వృషణాలూ సంచిలోకి పూర్తిగా దిగి ఉండాలి. పళ్లు కత్తెరలా కలవాలి. పిల్లకు పాలపళ్లు 28, పెద్దకుక్కకు 42, అవి కుదురుకునేసరికి ఆరేడు నెలలు. అప్పటిదాకా పై దవడ ముందుకొస్తుందో కింది దవడ ముందుకొస్తుందో బ్రహ్మకు తెలియాలి. అది తేలేనాటికి అమ్మినవాడి ఫోన్ నంబరు మారిపోతుంది.

ఇక్కడ పూర్వపక్షం: నిజాయితీ గల బ్రీడరు కూడా ప్రాస్పెక్ట్ అనే అంటాడు, రేపటి సంగతి ఎవరికీ తెలియదు కదా, ఆ మాటను తప్పుపట్టడం న్యాయమా? న్యాయమైన ప్రశ్నే. ఆ నోట ఆ మాట వినయం. కాని వినయానికి వినయపు ధర ఉంటుంది. నిజాయితీపరుడు షోకి తగ్గ పిల్ల కాకపోతే ఏం చేస్తాడో ముందే రాసిస్తాడు: ఇంత సొమ్ము తిరిగి ఇస్తాననో, మరో పిల్లను ఇస్తాననో. మన కవి ధర ఛాంపియన్‌కు తీసుకుంటాడు, బాధ్యత ప్రాస్పెక్టుకు తీసుకుంటాడు.

"విత్ పేపర్స్": సహార్థంలో తృతీయ, పేపర్లతో కూడినది. కాని ఎప్పుడు కూడుతాయి? అడిగితే అప్లై చేశాం అని జవాబు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా చెన్నైలో ఉంది. అక్కడ వంశావళితో నమోదు కావాలంటే తల్లీతండ్రీ ముందే నమోదై ఉండాలి, పిల్లకు మైక్రోచిప్ ఉండాలి, దరఖాస్తు బ్రీడరే పెట్టాలి. అన్నీ సక్రమంగా వచ్చినా ఆ కాగితం ఎవరికి పుట్టిందో చెబుతుందే గాని ఎలా ఉంటుందో చెప్పదు. అది జనన ధ్రువపత్రం, జాతకచక్రం కాదు. ఇక టీకా కార్డు జిరాక్సును కూడా పేపర్స్ అనే పిలిచే మహానుభావులకు బహువచనం ఇచ్చిన స్వేచ్ఛ అంతా ఇంతా కాదు.

"నలభై ఐదు రోజులు, ఫుల్ వాక్సినేటెడ్": ఈ రెండు పదాలూ పక్కపక్కన నిలబడి ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. శాస్త్రంలో దీన్ని వదతోవ్యాఘాతం అంటారు. 2017 మే నెలలో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, విక్రయాల నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఎనిమిది వారాలంటే 56 రోజులు. నేరాన్ని అంకెల్లో వేసి ఊరంతా చాటుకునే నిందితుడు మరో వ్యాపారంలో దొరకడు. పోనీ ఫుల్ సంగతి? పార్వో, డిస్టెంపర్ టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున, పదహారో వారం దాకా సాగుతాయి. తల్లిపాలతో వచ్చిన రక్షణ తగ్గేవరకు టీకా సరిగా పట్టదు, అందుకే అన్నిసార్లు. 45వ రోజున ఎక్కువలో ఎక్కువ మొదటిది పడి ఉంటుంది. టీకా అంటే మనకు సూదీ అవుతుంది, వ్యాఖ్యా అవుతుంది. ఈ పిల్లకు రెండో అర్థంలోనే ఫుల్ జరిగింది. పార్వో ఒంట్లో చేరాక మూడు నుంచి ఏడు రోజులు బయటపడదు. కనుక బస్సులో బుట్టెక్కిన పిల్ల తోకాడిస్తూ దిగుతుంది, కొత్తింట్లో రెండు రోజులు చెప్పులు కొరుకుతుంది. తర్వాత తిండి మానేస్తుంది, వాంతులు, నెత్తురు విరేచనాలు. పశువుల డాక్టరు బల్ల మీద, అగ్గిపెట్టెంత పాదం పైన నరం దొరక్క సెలైన్ సూది మూడుచోట్ల గుచ్చాల్సి వస్తుంది. పిల్లతో వచ్చిన టీకా కార్డులో స్టిక్కరు ఉండదు, డాక్టరు సంతకం ఉండదు, తేదీ ఒక్కటే ఉంటుంది, అదీ పెన్సిలుతో. ఇక్కడ వ్యాకరణం పనికిరాదు. ఇది మోసం. దీనికి వేరే ప్రతిపదార్థం లేదు.

"మాకు సంబంధం లేదు": ఇదొక్కటే నిస్సందిగ్ధ వాక్యం. అయినా ధర్మశాస్త్రం ఒప్పుకోదు. కొన్న వస్తువును పరీక్షించుకోవడానికి యాజ్ఞవల్క్యుడు గడువులు పెట్టాడు: ఇనుముకు ఒక్క రోజు, పాడిపశువుకు మూడు రోజులు, బరువు మోసేదానికి ఐదు, రత్నానికి ఏడు, విత్తనానికి పది. దాని మీద విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాశాడు. మితమైన అక్షరాలని పేరు పెట్టి అమితంగా రాసిన ఆ గ్రంథాన్ని ఆధారం చేసుకుని తిక్కన సమకాలికుడు కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయం చెప్పాడు. కుక్కపిల్ల ఈ పట్టికలో ఎక్కడ చేరుతుంది? పాలివ్వదు, బరువు మోయదు. ధరను బట్టి రత్నమే. కనుక ఏడు రోజులు. పార్వో బయటపడేదీ ఆ ఏడు రోజుల్లోనే. స్మృతికారుడికి ఆ జబ్బు తెలియకపోయినా అమ్మేవాడి స్వభావం తెలుసు. ఇప్పటి చట్టం ఇంకా ఉదారం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం బిల్లు ఇవ్వకపోవడాన్నీ, లోపమున్న సరుకును వెనక్కి తీసుకోననడాన్నీ అనుచిత వ్యాపారం అంటుంది. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు. రెండేళ్లలోపు బందరులోని జిల్లా కమిషన్ తలుపు తట్టవచ్చు. ఫోన్‌లో పంపిన సొమ్ముకు ఫోనే సాక్షి.

రెండో పూర్వపక్షం: తప్పు కొన్నవాడిదే, కళ్లు లేవా? ఈ మాట అనేవారు సంక్రాంతికి గుడివాడ వెళ్లి ఒంగోలు ఎడ్ల బలప్రదర్శన చూడాలి. అక్కడ పోటీ విభాగాలకు పేర్లే రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు. ఎద్దు నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టి, సుడులు చూసి, నడిపించి గాని ఈ జిల్లా రైతు సంతలో చేయి కలపడు. కోళ్లకు కుక్కుటశాస్త్రం ఉండనే ఉంది. కుక్కలకూ శాస్త్రం లేదనడానికి వీల్లేదు, చాళుక్య సోమేశ్వరుడి మానసోల్లాసంలో సారమేయ వినోదమని ఒక ప్రకరణమే ఉంది. అంటే కళ్లున్నాయి, విద్య ఉంది. చూడనివ్వని అమ్మకంలో అవి పనికిరావు. వర్ణన చెప్పి అమ్మినప్పుడు సరుకు వర్ణనకు సరిపోవాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టమే అంటోంది. ఫొటో పంపినవాడే వర్ణనకు పూచీ. మూడో పూర్వపక్షం: ప్రాణి కదా, ప్రాణానికి గ్యారంటీ ఎవరిస్తారు? ఎవరూ అడగలేదు. రేపటికి గ్యారంటీ అక్కర్లేదు, నిన్నటికి ఇస్తే చాలు. పుట్టిన తేదీ, తల్లి చిప్ నంబరు, సూది వేసిన రోజు, ఇవన్నీ జరిగిపోయినవి, అమ్మేవాడికి తెలిసినవి. ప్రకటన వీటి దగ్గర మూగది, జరగబోయేదాని దగ్గర వాచాలం.

తాత్పర్యం. మీమాంసకులు వాక్యాలను విధి అనీ, అర్థవాదమనీ విడదీస్తారు. ఇది చెయ్యి అనేది విధి, ఊరికే పొగిడేది అర్థవాదం. పొగడ్తకు సొంతంగా ప్రామాణ్యం లేదు, దగ్గరున్న విధితో కలిస్తేనే సార్థకం. మన మూలాన్ని జల్లెడ పడితే బ్లడ్‌లైన్, బోన్, షో, అన్నీ అర్థవాదాలే. విధి వాక్యం ఒక్కటే తేలింది: అడ్వాన్స్ పంపగలరు. కనుక ఆ స్తుతి అంతా కుక్కపిల్లది కాదు, అడ్వాన్సుది. అమ్మేవారికి నిజంగా మాట ఇవ్వాలని ఉంటే మూలాన్ని ఇలా దిద్దుకోవచ్చు: "ఈ ఆడపిల్ల ఫలానా తేదీన పుట్టింది. తల్లి చిప్ నంబరు ఇది, తండ్రిది ఇది. మొదటి టీకా ఫలానా రోజున ఫలానా డాక్టరు వేశారు. ఇంత సొమ్ము ముట్టింది. ఏడు రోజుల్లో జబ్బని డాక్టరు రాసిస్తే సొమ్ము వాపసు. షోకి తగదని ఏడాదికి తేలితే సగం వాపసు. సంతకం." ఈ గద్యానికి టీకా అక్కర్లేదు. పిల్లకు మాత్రం కావాలి, మూడు వారాల్లో రెండోది.