చూరు చెక్క

మా ఇంటి చూరుకు వేలాడే టేకు చెక్కలను నేనే దగ్గరుండి ఊడబెరికించాను. అమ్మ వద్దన్నా వినలేదు.

ఇల్లు అబిడ్స్‌లో, చిరాగ్ అలీ లేన్ వెనక సందులో ఉంటుంది. ముందు వసారా, దాని మీద మంగుళూరు పెంకులు. చూరు పొడుగునా బెత్తెడు వెడల్పు చెక్కలు నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి, మొత్తం యాభై ఆరు. పాత రైల్వే ప్లాట్‌ఫారాల చూర్లకు కనిపిస్తాయే, అలాంటివి. ఒక్కో చెక్క కింది కొస మామిడి పిందెలా చెక్కి ఉండేది. ఇంట్లో వాటిని ఝాలరు అనేవాళ్లం. కట్టించినవాడు తాత. నిజాం రైల్వేలో గుమాస్తా, రోజూ నాంపల్లి స్టేషన్‌కు నడిచి వెళ్లేవాడట. టేకు ఆదిలాబాద్ అడవులదని నాన్న చెప్పేవాడు.

మృగశిర కార్తెకు వారం ముందు నాన్న నిచ్చెన వేసేవాడు. అవిసె నూనెలో కాస్త టర్పెంటైన్ కలిపి, పాత పంచె పేలికను అందులో ముంచి, ఒక్కో చెక్కకూ ముందూ వెనకా పట్టించేవాడు. కొసల దగ్గర మాత్రం రెండు మూడు సార్లు అద్దేవాడు. నిచ్చెన పట్టుకుని కింద నిలబడేది నేనే. కొసకు అన్నిసార్లు ఎందుకని ఒక్కనాడూ అడగలేదు.

నాన్న 2009లో పోయాడు. తరువాత నేను నిచ్చెన ఎక్కలేదు. తొమ్మిదేళ్ల ఎండకూ వానకూ చెక్క బూడిద రంగుకు తిరిగింది. పుచ్చిపోయిందనుకున్నాను. గోరుతో గీరి చూసినా తెలిసేది. అంత పని కూడా చెయ్యలేదు.

2018లో అమ్మాయి పెళ్లి కుదిరింది. ఇల్లు కొత్తగా కనబడాలని నా పట్టుదల. అబిడ్స్‌కు ఆ పేరు వచ్చిందే ఒక దుకాణం వల్ల. ఆరవ నిజాం దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం అది. అలాంటి పేటలో పెరిగినవాణ్ణి, దుకాణంలో కనబడినదాన్ని నమ్మేశాను. ట్యూబులైట్ల కింద, కంప్యూటర్ మిషన్ మీద లతలు కోసిన తెల్లటి ప్లైవుడ్ పట్టీలు మెరిసిపోతున్నాయి. వానకు ఏమీ కాదన్నారు. పలక వెనక ఎం.ఆర్. అని ముద్ర ఉంది. అంటే ఏమిటని అడగలేదు. గాలిలో తేమను ఓర్చుకుంటుందనే దాని అర్థం, వానకు నిలుస్తుందని కాదు. తడిసే చోటికి ఐఎస్ 710 ముద్ర ఉన్నది కావాలి. దాన్ని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి, పొరలు విడిపోతాయేమో పరీక్షిస్తారు. అదైనా కోసిన అంచులను రంగుతో మూసెయ్యకపోతే నీళ్లు అక్కడి నుంచే లోపలికి దిగుతాయి. నేను కొన్నదాంట్లో లతల నిండా కోసిన అంచులే.

పాత చెక్కలను కబాడీ అతను తోపుడు బండి మీద వేసుకుపోయాడు. వంటచెరకు ధర కట్టాడు, ఇచ్చేశాను. అమ్మ గడపలో కూర్చుని చూస్తూ, "మీ నాయిన చెయ్యి పడ్డ చెక్కరా అది" అన్నది. "పాతదైపోయిందమ్మా" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

రెండు వానాకాలాలు గడిచాయి. రంగు ఉబ్బింది, పట్టీ కింద నల్లటి చార దిగింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్ మొత్తాన్ని ముంచిన వాన వచ్చింది కదా, తెల్లారి వసారాలోకి వస్తే మూరెడు పట్టీ ఊడి అమ్మ కుర్చీలో పడి ఉంది. తడిసిన పుస్తకంలా పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది. రోజూ సాయంత్రం అమ్మ కూర్చునే కుర్చీ అది.

అప్పటికైనా కళ్లు తెరవలేదు. ఈసారి పీవీసీ పట్టీలు తెచ్చి, చలికాలంలో సందు లేకుండా, కొసకు కొస ఆనించి బిగించాను. పది అడుగుల పీవీసీ పట్టీ నలభై డిగ్రీల తేడాకు ఏడెనిమిది మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సాగుబాటుకు చోటు వదలాలి, మర బిగించే రంధ్రం కోలగా ఉండాలి. నేను చోటు వదల్లేదు. మే ఎండకు పట్టీలు విల్లుల్లా వంగి మేకులను పీక్కుని వచ్చాయి. తప్పు పీవీసీది కాదు, నాది.

అప్పుడు పిలిచాను వడ్రంగి తాతను. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. నిచ్చెన ఎక్కి, చూరు కింద వాసం కొసకు ఉలి ఆనించాడు. సుత్తి కొట్టలేదు, ఉలి దానంతటదే అంగుళం దిగింది. అలా ఐదు వాసాలు.

"ఝాలరు సొగసుకనుకున్నవా బిడ్డా? వాసాల కొసలు తడవకుండ కాసేది అదే. వాన దెబ్బ అది తింటది, ఇల్లు బతుకుతది" అన్నాడు.

పెరట్లో నీళ్ల డ్రమ్ము ఒరగకుండా కింద ఒక చెక్క పెట్టి ఉంది. పీకినప్పుడు కూలీలు వదిలేసిన ముక్క. మూడేళ్లుగా తడిలోనే ఉంది, నాచు పట్టింది. తాత దాన్ని తీసి, కడిగి, మోకాలి కింద అదిమిపట్టి చిత్రిక పట్టాడు. బూడిద రంగు పొర ఒక్కటి లేచింది, కింద తేనె రంగు టేకు. చెదలు లేదు, పగులు లేదు. టేకులో నూనె ఉంటుంది, పురుగు దాన్ని ముట్టదు. "చెయ్యి పెట్టి చూడు" అన్నాడు. పెట్టలేకపోయాను.

ఆ ముక్కే నమూనా అయింది. గోషామహల్ దిక్కున ఒక టింబర్ డిపోలో కూల్చిన ఇళ్ల టేకు దొరికింది. ఎవరి ఇంటి దూలాలో! వాసాల కొసలు కోసి అతుకులు వేశాక, తాత చెక్కలను నిలువుగా, మధ్య సన్నటి సందు వదిలి కట్టాడు. చెక్క అడ్డంగానే ఉబ్బుతుంది, నిలువునా దాదాపు పెరగదు. ఆ సందు ఉబ్బడానికే. ఇనుప మేకులు టేకులో తుప్పుపట్టి నల్లటి మరక వేస్తాయని ఇత్తడి మరలు వాడాడు. నగిషీ లేని వెనకవైపు చూరుకు మాత్రం ఫైబర్ సిమెంటు పట్టీ చాలన్నాడు. అంచులకు రంగు వేసి బిగించాం, బాగానే ఉంది.

మొదటి వానకు వసారాలో నిలబడి చూశాను. నీళ్లు పెంకుల మీంచి జారి, చెక్క మీదికి దిగి, పిందె మొన దగ్గర చుక్కగా కూడుతున్నాయి. ఒక్క క్షణం అక్కడే ఆగి, వాసాలను తాకకుండా నేల మీద పడుతున్నాయి. పిందె చెక్కింది అందుకు. చెక్క కొస నీళ్లను నిలువు పక్కకంటే చాలా తొందరగా పీలుస్తుంది. నాన్న అక్కడ అన్నిసార్లు నూనె అద్దింది అందుకు.

ఇప్పుడు ఏటా వానల ముందు నిచ్చెన వేస్తున్నాను. 1935లో గ్రానైటుతో కట్టిన మొజంజాహి మార్కెట్‌కే పెద్ద మరమ్మతు తప్పలేదు, 2020కి గానీ అది మళ్లీ తేరుకోలేదు. చెక్కకు ఏటా ఒక పూట ఇవ్వలేనా?

పాత ముక్కను కూడా తాత వరసలోనే కలిపాడు, ఎడమ నుంచి మూడోది. మిగతా యాభై ఐదు ఎటు పోయాయో తెలియదు. జాంబాగ్ ఫర్నిచర్ దుకాణాల ముందు నుంచి వెళ్లినప్పుడల్లా పాత చెక్కల కొసలు చూస్తాను, పిందె ఆకారం ఎక్కడైనా కనబడుతుందేమోనని.