కాగితాలున్న కోడిపెట్ట

నేనొక కోడిపెట్టను. ఒంటి రంగు గోధుమ, వయసు రెండేళ్ల పైమాట. ఉండేది ఇంగ్లండ్‌లోని రెడింగ్ పట్టణంలో ఒక తెలుగువాళ్ల ఇంటి పెరట్లో. మా కోళ్లకి ఆత్మకథలు చెప్పుకునే అలవాటు లేదు. చెప్పుకునేంత ఆయుష్షు మాకు మామూలుగా ఎవరూ మిగల్చరు. నాకు మిగిలింది. అది మిగలడానికి ఈ ఇంటివాళ్లు ఏయే కాగితాలు తిరగేశారో ఇంటి పెద్దావిడ, అంటే మామ్మ, తణుకులో ఉన్న చెల్లెలికి ఫోన్లో రోజూ చెబుతూనే ఉంటుంది. ఆవిడ కుర్చీ వేసుకునేది నా గూడు పక్కనే. కాబట్టి నేను చెప్పబోయేదాంట్లో సగం నేను పడ్డది, సగం విన్నది.

పుట్టడం తల్లి రెక్కల కింద కాదు, పొదుగు యంత్రంలో. మా రకంలో పెట్టపిల్లలు గోధుమ రంగులో, పుంజుపిల్లలు లేతపసుపులో పుడతాయి. రంగు చూసి అక్కడికక్కడే వేరుచేస్తారు. గుడ్ల కంపెనీకి పుంజుతో పనేముంది? నా అన్నదమ్ములు ఆ సాయంత్రాన్ని చూడలేదు. నాకు మాత్రం, పెద్దయ్యాక ఒకరినొకరు పొడుచుకుని చస్తామని, మొదటిరోజే ముక్కు కొస మీద పరారుణ కిరణం పెట్టి మొద్దు చేశారు. ఇప్పటికీ నా ముక్కు మామూలు కోళ్ల ముక్కంత వాడిగా ఉండదు. ఒక గింజ కోసం రెండుసార్లు పొడవాలి.

తరవాత షెడ్డు. వేలాది పెట్టలం, వరస మీద వరస పంజరాలు. పాతకాలం బ్యాటరీ పంజరాలను 2012 జనవరి 1 నుంచి నిషేధించారు కాబట్టి మావి కాస్త మెరుగైనవే. తలా ఒక్కింటికి 750 చదరపు సెంటీమీటర్ల చోటు, కూర్చోవడానికి 15 సెంటీమీటర్ల కర్ర, గుడ్డు పెట్టడానికి చాటున్న మూల. 750 చదరపు సెంటీమీటర్లంటే మీరు ఫారాలు నింపే ఏ4 కాగితం కంటే కొంచెం ఎక్కువ. గుడ్డు మీద 3 అంకె పడుతుంది. సేంద్రియానికి సున్నా, బయట తిరిగే కోడికి 1, షెడ్డులో వదిలేసిన కోడికి 2, పంజరం కోడికి 3. ఏడాదిన్నర దాటేసరికి పెంకులు పల్చబడ్డాయి, గుడ్లు తగ్గాయి. లెక్క ప్రకారం నా తరవాతి మజిలీ కబేళా.

అలా తీసేసిన పెట్టలను ఇళ్లకు పంచే సంస్థలు ఇక్కడున్నాయి. 2005లో డెవన్‌లో మొదలైన బ్రిటిష్ హెన్ వెల్ఫేర్ ట్రస్ట్ వాటిలో పేరున్నది. అలాంటి ఒక చోటు నుంచే నేనూ ఇంకో రెండు పెట్టలూ అట్టపెట్టెలో ఈ ఇంటికొచ్చాం. వీపు మీద సగం ఈకల్లేవు, జుట్టు పాలిపోయి వేలాడుతోంది. మమ్మల్ని చూసి మామ్మ అన్న మొదటి మాట: "ఇవి కోళ్లేంట్రా! వండడానికి సగం పీకేసినట్టున్నాయి."

అసలు కథ మేం రాకముందే మొదలైంది. కోళ్లు కావాలన్నది మామ్మ మనవరాలు, పాప. బళ్లో ఎవరింట్లోనో చూసొచ్చింది. మామ్మ వెంటనే తాళం వేసింది. "పెరడుంది, గడ్డుంది, ఇంకేం కావాలి? రేపే తెచ్చెయ్" అంది. కోడలు మాత్రం, "పెంచుకోనిస్తారో లేదో కనుక్కోకుండా తెస్తే రేపు ఎవరో ఫిర్యాదు చేస్తే పిల్లకేం చెబుతాం అత్తయ్యా" అంది. మామ్మకిది చోద్యం. కోడిని పెంచుకోవడానికి ఒకరినడగడమేంటి? వాళ్ల ఊళ్లో కోడి ఎవరిదో కోడినడిగినా చెప్పదు. పొద్దున గంప ఎత్తితే వీధంతా దానిదే, సాయంత్రానికి అదే వచ్చి గంప కింద దూరుతుంది.

మామ్మ కొడుకు, అంటే అబ్బాయిగారు, ముందు ఊరి కౌన్సిల్‌ని అడిగారు. సొంత వాడకానికి ఇంటి పెరట్లో కొన్ని పెట్టలను పెంచుకోకూడదనే చట్టం దేశంలో లేదు, మా అనుమతీ అక్కర్లేదు, కానీ మీ ఇంటి పత్రాలు ఒకసారి చూసుకోండి అన్నారు. ఆ చివరి మాట దగ్గరే చిక్కొచ్చింది. ఇల్లు కొన్నప్పుడు బీరువాలో పెట్టేసిన దస్తావేజు తీసి చూస్తే, లేఅవుట్ వేసిన కంపెనీ ఎప్పుడో పెట్టిన షరతు కనపడింది: ఈ స్థలంలో పశువులనూ కోళ్లనూ పెంచరాదు. కొత్త కాలనీల్లో ఇలాంటి షరతులు మామూలే. కోడలు నిట్టూర్చింది. పాప ఏడ్చింది. మామ్మ ఆ కంపెనీవాళ్ల ఏడు తరాలనూ తలుచుకుంది.

నన్ను గట్టెక్కించింది ఏడు దశాబ్దాలు దాటిన చట్టం. 1950 నాటి అలాట్‌మెంట్స్ చట్టంలో పన్నెండో సెక్షన్ ఉంది. లీజులో ఏమున్నా, దస్తావేజులో ఏ షరతున్నా సరే, ఆ స్థలంలో ఉంటున్న మనిషి వ్యాపారానికి కాకుండా కోడిపెట్టలనూ కుందేళ్లనూ పెంచుకోవచ్చు, వాటికి కావలసిన గూడూ కట్టుకోవచ్చు అంటుందది. ఎందుకు పెట్టారంటే అది యుద్ధం చేసిన ఆకలి నుంచి వచ్చిన చట్టం. 1941లో ఇక్కడ గుడ్లకు రేషన్ పెట్టారు, మనిషికి వారానికి ఒకటి, అదీ దొరికితే. ఇంట్లో కోళ్లున్నవాళ్లు గుడ్ల రేషన్ వదులుకుంటే దానికి బదులు కోళ్ల దాణా ఇచ్చేవారు. ఊళ్లకు ఊళ్లు పెరళ్లలో పెట్టలను పెంచాయి. గుడ్ల రేషన్ 1953 దాకా ఎత్తెయ్యలేదు. ఆ రోజుల్లో ఇంటి యజమాని షరతుకంటే పిల్లాడి కంచంలో గుడ్డు ముఖ్యమని పార్లమెంటు అనుకుంది. దేశం కడుపు నిండాక కూడా ఆ సెక్షన్‌ని ఎవరూ తీసెయ్యలేదు. నేను దాని కిందే బతుకుతున్నాను.

కానీ ఆ సెక్షన్‌కి అంచులున్నాయి. మొదటిది, అందులో ఉన్నది పెట్ట గురించే, పుంజు ఊసు లేదు. మామ్మకి ఇది మింగుడు పడలేదు. భీమవరం చుట్టుపక్కల సంక్రాంతి కోడిపందేలు చూసిన మనిషి. "పుంజు కూయని ఇంట్లో తెల్లారిందని ఎలా తెలుస్తుందిరా?" అంటే, "మనకి తెలియకపోయినా ఫర్లేదమ్మా, పక్కింటాయనకి తెలియకూడదు" అన్నారు అబ్బాయిగారు. రెండోది, గుడ్లు అమ్ముకుని వ్యాపారం మొదలెడితే ఆ రక్షణ పోతుంది. మూడోది అన్నిటికంటే పెద్దది. కోళ్లవల్ల ఆరోగ్యానికి చేటు గానీ ఇరుగుపొరుగుకు ఇబ్బంది గానీ కలిగితే ఈ సెక్షన్ అడ్డురాదు. 1990 పర్యావరణ రక్షణ చట్టం కింద కౌన్సిల్ నోటీసివ్వొచ్చు. వినకపోతే కేసు.

గూటికీ కొలతలున్నాయి. ఇంటి ముఖద్వారం వైపు కట్టకూడదు. ప్రహరీకి రెండు మీటర్లలోపు కడితే ఎత్తు రెండున్నర మీటర్లు దాటకూడదు. పెరట్లో సగానికి మించి కట్టడాలు ఉండకూడదు. ఈ హద్దుల్లో ఉంటే విడిగా ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. నా గూడు మామ్మ నడుము దాకా వస్తుంది. అంచేత ఆ విషయంలో ఎవరికీ పేచీ రాలేదు.

పేచీ రావలసింది పక్కింటి ముసలాయన దగ్గర. కోడలు చట్టం కాగితం పట్టుకుని వెళ్లలేదు. ఒక పళ్లెంలో గారెలు పట్టుకుని వెళ్లింది, మామ్మ వెనకాలే వెళ్లింది. ఆయన భయం మా అరుపులు కాదు, ఎలుకలు. కోడి ఉన్నచోట గింజ ఉంటుంది, గింజ ఉన్నచోట ఎలుక ఉంటుంది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, షెడ్డులో చూశాను. అందుకే నా దాణా డబ్బాకి కింద ఒక పలక ఉంటుంది. నేనెక్కి నిలబడితే నా బరువుకి మూత తెరుచుకుంటుంది, దిగితే మూసుకుంటుంది. ఎలుక బరువుకి అది కదలదు. నేర్చుకోవడానికి మాకు ఒక వారం పట్టింది. మూత చప్పుడుకి మొదట్లో ముగ్గురం తలో మూలకి పరిగెత్తేవాళ్లం. గూడు కింద నేలలో సన్నకన్నుల జాలీ పరిచారు. అది నక్క కోసం కూడా. రెడింగ్‌లో నక్కలు రాత్రిపూట రోడ్డు మీద తీరిగ్గా నడుస్తాయి. ఇదంతా చూశాక ముసలాయన మెత్తబడ్డారు. యుద్ధకాలంలో తన తల్లి కూడా గుడ్ల రేషన్ ఇచ్చేసి దాణా తీసుకునేదని చెప్పారట. ఇప్పుడు ఆయనకి వారం వారం గుడ్లు వెళతాయి. ఊరికే. డబ్బు తీసుకుంటే వ్యాపారమవుతుందేమోనని కోడలికి భయం.

మామ్మకి మాత్రం అసలు యుద్ధం మేం వచ్చిన మర్నాడే మొదలైంది. పొద్దున్నే రాత్రి అన్నం పళ్లెంలో వేసుకుని, నాలుగు మెతుకులు పిడికిట్లో నలిపి, "బో బో బో" అంటూ వచ్చింది. పంజరంలో ఆ పిలుపు ఎప్పుడూ వినలేదు గానీ, ఎందుకో కాళ్లు వాటంతటవే అటు నడిచాయి. ముక్కు చాచాను. ఇంతలో కోడలు వంటింటి గుమ్మంలోంచి కేకేసింది: "వద్దండీ అత్తయ్యా! పెట్టకూడదు!"

"విషం పెడుతున్నానా? అన్నం!"

"అన్నమే. మన వంటింట్లోంచి వచ్చింది కదా. చట్టం ఒప్పుకోదు."

ఈ దేశపు రూలు అంతే. వంటింటి గడప దాటొచ్చిన మెతుకు గానీ కూరగాయ చెక్కు గానీ కోడికి పెట్టడం నేరం. పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టని వీగన్ ఇల్లయితే తప్ప మినహాయింపు లేదు. పెరట్లో కాసిన పాలకూర కోసి నేరుగా వేస్తే తప్పు లేదు. అదే పాలకూర ఒకసారి వంటింట్లోకి వెళ్లి తిరిగొస్తే తప్పు. మామ్మ పిడికిలి విప్పకుండా చాలాసేపు నిలబడింది. మెతుకులు ఆవిడ వేళ్ల సందుల్లోంచి తెల్లగా కనపడుతూనే ఉన్నాయి. చివరికి వెళ్లి వాటిని చెత్తబుట్టలో వేసి వచ్చి, "అన్నం పారేయించే చట్టం కూడా ఒక చట్టమేనా" అంది. సాయంత్రం అబ్బాయిగారు కూర్చోబెట్టి చెప్పారు. 2001లో ఈ దేశంలో గాలికుంటు వ్యాధి వచ్చింది. పందులకు సరిగా ఉడికించకుండా పెట్టిన ఎంగిలి మేతతోనే మొదలై ఉంటుందని ప్రభుత్వం తేల్చింది. 60 లక్షలకు పైగా పశువులను చంపేశారు. ఆవిడ విని ఏమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి పెరట్లో తోటకూర మళ్లు మొదలెట్టింది. ఇప్పుడు పొద్దున్నే కోసి, గుమ్మం వైపు కూడా చూడకుండా, నేరుగా మా ముందు వేస్తుంది.

చివరి కాగితం రిజిస్ట్రేషన్. ఇదివరకు 50 గానీ అంతకంటే ఎక్కువ గానీ కోళ్లుంటేనే నమోదు తప్పనిసరి. 2024 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్‌లోనూ వేల్స్‌లోనూ ఒక్క కోడి ఉన్నా చేయించాల్సిందే. వచ్చిన నెలలోపు చేయించాలి, డబ్బులక్కర్లేదు, ఏటా సరిచూసి చెప్పాలి. దీనికి కారణం బర్డ్ ఫ్లూ. 2022 నవంబర్ 7 నుంచి 2023 ఏప్రిల్ 18 దాకా ఇంగ్లండ్‌లో ఒక్క కోడినీ బయటికి వదలనివ్వలేదు. జబ్బు తేలినచోట చుట్టూ 3 కిలోమీటర్లు ఒక గీత, 10 కిలోమీటర్లు ఇంకో గీత గీస్తారు.

మామ్మ ఈ ఒక్కదానికి మాత్రం వెక్కిరించలేదు. 2025 ఫిబ్రవరిలో చెల్లెలి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. తణుకు పక్కన వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్లకు ఆ జబ్బే తేలింది. అక్కడ కిలోమీటరు ఒక గీత, 10 కిలోమీటర్లు ఇంకో గీత. చికెన్ షాపులు మూసేశారు. "మన వీధి కోళ్ల సంగతేంటే?" అని అడుగుతున్న మామ్మ గొంతు వణికింది. ఎవరింట్లో ఎన్ని ఉన్నాయో రాసిపెట్టుంటే కబురైనా వేళకి అందేది కదా అని ఆవిడే అంది. పట్టీ రాయడం కోళ్లని పట్టుకెళ్లడానికే అనుకుంది ఇన్నాళ్లూ. కబురు చెప్పడానికని ఆ రోజే తెలిసింది.

పెంచుకోవచ్చా అని అడగబోయేవాళ్లకి, అనుభవమున్న పెట్టగా నా మాట ఒకటే. ఆ ప్రశ్నకు ఒకే చోట జవాబు దొరకదు. కొంత కౌన్సిల్లో, కొంత బీరువాలో, కొంత ప్రహరీకి అవతల ఉంటుంది. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రతి రూలు వెనకా ఒక పొరుగువాడున్నాడు. ఒకడికి నిద్ర కావాలి, ఒకడికి ఎలుకలు రాకూడదు, 10 కిలోమీటర్ల అవతల ఎవడి పశువులకో జబ్బు పాకకూడదు. ముందు పొరుగువాడిని పలకరిస్తే చట్టం కాగితం తీయాల్సిన పనే చాలావరకు పడదు.

నాకిప్పుడు ఈకలొచ్చాయి, జుట్టు ఎర్రబడింది. గుడ్లు మాత్రం వారానికి రెండో మూడో, చలికాలంలో అవీ లేవు. మొన్న ఏడాది గడువు రాగానే అబ్బాయిగారు కంప్యూటర్ ముందు కూర్చుని వివరాలు సరిచూశారు. ఎన్ని పక్షులున్నాయని అడిగింది ఫారం. మూడు అని కొట్టారు. రోజుకెన్ని పెడుతున్నాయని అది అడగలేదు. షెడ్డులో నన్ను పట్టీలోంచి కొట్టేసింది ఆ ఒక్క లెక్కే.