తాకట్టులో పట్టా

మన దగ్గర పేదవాడిగా పుట్టడానికి పైసా ఖర్చు లేదు. పేదవాడినని రుజువు చేసుకోవడానికే ఖర్చు. మీసేవలో ఆదాయ ధ్రువపత్రానికి ఒక దరఖాస్తు, కుల ధ్రువపత్రానికి ఇంకొకటి. ఆధార్‌లో తండ్రి పేరు వెంకటయ్య, రేషన్ కార్డులో వెంకయ్య అయితే ఆ ఇద్దరూ ఒక్కరేనని ఒప్పించడానికి నోటరీ దగ్గర అఫిడవిట్. ఖాతాకు ఆధార్ లింకు చేయించాలి. ఆఖరున స్కాలర్‌షిప్ కోసం వేలిముద్ర పడాలి. సెలవుల్లో తండ్రి వెంట రాళ్లు మోసిన కుర్రాడి వేలికి గీతలు అరిగిపోయి మిషన్ ఎర్ర లైటు వెలిగిస్తుంది. ఆ వేలికి మించిన ఆదాయ ధ్రువపత్రం ఏముంటుంది? మిషన్‌కు అంత చదువు లేదు.

తెలంగాణలో బీసీ, ఈబీసీ పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే ఇంటి ఆదాయం ఏడాదికి పల్లెలో లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు దాటకూడదు. లక్షన్నరను 365తో భాగించి చూడండి. రోజుకు 411 రూపాయలు. ఇంటిల్లిపాదీ కలిసి సంపాదించాల్సింది అంతే. తాపీమేస్త్రి ఒక్కరోజు పనికి ఎంత అడుగుతాడో ఈ మధ్య ఇల్లు కట్టించినవారికి చెప్పక్కర్లేదు. అందుకే, దేశంలో ఇంకెక్కడా కనిపించని సమానత్వం తహసీల్దార్ ఆఫీసులో కనిపిస్తుంది. రెండంతస్తుల డాబా ఉన్న ఆసామీ, ఆ డాబాకు సున్నం వేసిన మనిషీ ఇద్దరూ లక్షా నలభై వేల దగ్గర ఆగిపోతారు. ఆగడం తెలియక ఉన్నదున్నట్టు చెప్పిన అమాయకుడు ఊరికొకడైనా ఉంటాడు. వాడి కొడుకు ఫీజు మొత్తం వాడే కట్టుకుంటాడు.

గీత దాటకుండా నిలబడ్డవాడికైనా మొత్తం వస్తుందా అంటే, ఇంజనీరింగ్‌లో దానికి ర్యాంకు కావాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకూ, సర్కారు గురుకులాల్లో చదివి వచ్చినవాళ్లకూ ఈ పేచీ లేదు, సంతోషం. మిగతా బీసీ, ఈబీసీ పిల్లలకు ఈఏపీసెట్‌లో (పాత పేరు ఎంసెట్) పది వేల లోపు ర్యాంకు వస్తే ఫీజంతా సర్కారుదే. లేకపోతే 35 వేలు. లక్ష దాటిన ఫీజున్న కాలేజీలో సీటొచ్చి, ర్యాంకు 10,001 అయిందనుకోండి. ఒక్క బిట్టు తప్పుగా పెట్టినందుకు నాలుగేళ్ల జరిమానా. ఆ పది వేల లోపు ర్యాంకు కోసం ఇంటర్‌లో కార్పొరేట్ కాలేజీకి పోసిన డబ్బు ఎక్కడిదని మాత్రం ఎవరూ అడగరు. రోజుకు 411 రూపాయల ఇంట్లో అది గోడకు కాసి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో కథ వేరు, అక్కడ పేర్ల మీద శ్రద్ధ ఎక్కువ. 2020లో జగనన్న విద్యా దీవెన అన్నారు, జగనన్న వసతి దీవెన అన్నారు. డబ్బు తల్లి ఖాతాలో వేస్తాం, ఆమే వెళ్లి కాలేజీలో కడుతుంది, కాలేజీని నిలదీస్తుంది అన్నారు. 2024లో ప్రభుత్వం మారింది. దీవెనలు పోయి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వచ్చింది, డబ్బు మళ్లీ కాలేజీ ఖాతాకే అన్నారు. తల్లి నిలదీసే కార్యక్రమం అంతటితో ముగిసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఊరికే అనలేదు పెద్దలు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు మారినా చెక్కుచెదరనిది ఒక్కటే, బకాయి.

తెలంగాణలో దీనికి టోకెన్ అని ఒక మర్యాద ఉంది. బిల్లు ట్రెజరీకి వెళ్తుంది, టోకెన్ నంబరు వస్తుంది, డబ్బు రాదు. విద్యార్థికి 75 శాతం హాజరు తప్పనిసరి, నిధుల హాజరుపట్టీ మాత్రం ఎవరూ తెరవరు. 2025 నవంబరులో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు బకాయిల కోసం బంద్ చేశాయి. ఫీజు కట్టలేదని పిల్లవాణ్ణి క్లాసు బయట నిలబెట్టడం చూశాం. ఫీజు కట్టనిది ప్రభుత్వమైతే పిల్లలందరినీ బయట నిలబెట్టాలన్న న్యాయం ఇప్పుడు చూశాం.

ఇక కాలేజీ కౌంటర్ దగ్గరికి రండి. బీటెక్ అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, కంపెనీవాళ్లు ఒరిజినల్స్ అడిగారు.

"సార్, మెమోలు, టీసీ కావాలె."

"డ్యూ ఉన్నది గదా."

"అది రీయింబర్స్‌మెంట్ సార్. గవర్నమెంట్ ఇయ్యాలె."

"ఇచ్చిందా? ఇయ్యలే. ఇప్పటికైతే నువ్వు కట్టు. వాళ్లిచ్చినంక నీకు వాపస్ ఇస్తం."

వెనకాల నిలబడ్డ తండ్రి ముందుకొచ్చాడు. "కట్టేటట్టుంటే మేం పేదోళ్లమెట్లయితం సారూ?"

క్లర్కు తల దించుకుని రిజిస్టర్ తిప్పాడు. ఆయన్ని తిట్టి లాభం లేదు, ఆయనకూ జీతం నెలనెలా రావడం లేదు.

టంగుటూరి ప్రకాశం పంతులు చదువుకున్న రోజుల్లో ఒంగోలులో తల్లి సుబ్బమ్మ పూటకూళ్లిల్లు నడిపేది. పరీక్ష ఫీజు మూడు రూపాయలకు దిక్కులేక ఆవిడ పట్టుచీర తాకట్టు పెట్టింది. ఇప్పుడు చీరలు బీరువాలో భద్రంగానే ఉన్నాయి. తాకట్టులో ఉన్నది పట్టా. సుబ్బమ్మగారు తన అవసరానికి తన వస్తువు కుదువబెట్టింది. ఈ పిల్లవాడు ప్రభుత్వం చేసిన బాకీకి తన వస్తువు కుదువబెట్టాడు, అదీ తనకు తెలియకుండా. బాకీ తీర్చాల్సినవాడు మీటింగులో "ప్రతి పేద బిడ్డ చదువు బాధ్యత మాది" అంటుంటే ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టడానికి కాలేజీ బస్సులో తీసుకెళ్లేదీ ఈ పిల్లల్నే.

ఈ లోపు వాట్సాప్‌లో స్కాలర్‌షిప్‌లకు కొదవ లేదు. కలాం, వాజ్‌పేయి పేర్లతో పదో తరగతిలో 75 శాతం దాటితే పది వేలు, ఇంటర్‌లో 85 దాటితే పాతిక వేలు, ఫారాలు మున్సిపల్ ఆఫీసులో అని ఏటా రిజల్ట్స్ రోజున తిరుగుతుంది. అది అబద్ధమని కేంద్రమే చెప్పినా ఫార్వర్డ్ ఆగలేదు. నిజంగా ఉన్నవాటికి ఆ యోగం పట్టలేదు. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాసి నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు వస్తాయి. టెక్నికల్ కోర్సుల్లో చేరిన ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి కింద ఏడాదికి 50 వేలు, ఇంటి ఆదాయ పరిమితి 8 లక్షలు. వీటి గురించి ఫ్యామిలీ గ్రూపులో ఎవరైనా పెట్టగా చూశారా? నిజానికి గడువు తేదీ ఉంటుంది, షరతులుంటాయి. అబద్ధానికి అవేవీ అక్కర్లేదు.

కాలేజీ కౌంటర్‌కు వెళ్లబోయే తల్లిదండ్రులకు ఒక మాట. చేరేటప్పుడు తీసుకున్న పదో తరగతి, ఇంటర్ అసలు మెమోలను కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని ప్రింటు తీయించి వెంట తీసుకెళ్లండి. "ఇది మాకు రాలేదు" అంటారు. ఆ మాటే కాగితం మీద రాసి, స్టాంపు వేసి, సంతకం పెట్టి ఇమ్మనండి.