తిరిగితే తుక్కు, పడుకుంటే వారసత్వం

ఆదివారం పొద్దున్నే నగరంలో పాత కార్ల ఊరేగింపు. బంతిపూల దండలు. బ్యాండు మేళం. వేంచేసిన అమాత్యులవారు పచ్చజెండా ఊపి, ‘ఇవి కార్లు కావు, మన వారసత్వ సంపద’ అని సెలవిస్తారు. బానెట్ మీద చెయ్యేసి ఫొటో దిగుతారు. ఆ వెంటనే పది నల్ల కార్ల కాన్వాయ్‌లో రయ్యిమని మాయమవుతారు. సోమవారం తెల్లారేసరికి అదే సర్కారు మీ ఇంటి ముందున్న పాత కారును చూసి మూతి తిప్పుకుంటుంది. ‘ఇంకా తుక్కుకు వెయ్యలేదా?’

ఆ కారుకూ ఈ కారుకూ తేడా ఏమిటంటారా? వయసే. కాకపోతే ఇక్కడ ముసలితనం లెక్కలు వేరు. 50 దాటితే వింటేజ్. 15 దాటితే పీడ. మధ్యలో 35 ఏళ్లు? పాండవుల వనవాసం, అజ్ఞాతవాసం కలిపినా 13 ఏళ్లే కదండీ!

1983 డిసెంబరులో తొలి మారుతి 800 తాళాలు ఇందిరా గాంధీ చేతుల మీదుగా అందాయి. మధ్యతరగతికి నాలుగు చక్రాల యోగం పట్టించిన బండి అది. దానికి వింటేజ్ హోదా రావాలన్నా 2033 డిసెంబరు దాకా ఆగాల్సిందే. చరిత్ర సృష్టిస్తే చాలదు, యాభయ్యో పుట్టినరోజు కూడా చేసుకోవాలి.

2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. సంతోషం. ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. 20,000 రూపాయలు కడితే పదేళ్ల రిజిస్ట్రేషన్. ఆ తర్వాత రెన్యువల్‌కు 5,000. షరతు ఏమిటంటే, బండిని రోజూ వాడకూడదు. ప్రదర్శనకు తీసుకెళ్లొచ్చు. ర్యాలీకి తీసుకెళ్లొచ్చు. పెట్రోలుకూ, రిపేరుకూ తీసుకెళ్లొచ్చు. ఇంటావిణ్ని ఎక్కించుకుని రైతుబజారుకు మాత్రం పోకూడదు.

ఇప్పుడు మన లెక్క చూడండి. 15 ఏళ్లు దాటిన మామూలు కారు రెన్యువల్‌కు 2022 మార్చి దాకా 600 రూపాయలు. ఏప్రిల్ ఒకటిన అది 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. అదీ అయిదేళ్లకే. హరిత పన్ను అదనం. అంటే షెడ్డులో ముసుగుతన్ని పడుకునే కారు రెన్యువల్‌కు 5,000. బడికీ, ఆస్పత్రికీ, కట్నాలు చదివించడానికీ తిరిగే కారుకు 20 ఏళ్లు దాటితే 10,000. తీరికున్నోడికి తగ్గింపు, తిప్పలున్నోడికి బాదుడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. కాకి సంగతేమో గానీ, ఖజానాకు మాత్రం భలే ముద్దు.

కదలని కార్ల మీద మనకున్న భక్తి ఈనాటిది కాదు. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లండి. 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ముచ్చటపడి ఆర్డరిచ్చారు. 1911లోనే కాలం చేశారు. పాపం, బండి ఎక్కే యోగమే లేదు. ఆ తర్వాత కూడా అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. అందమైన కారే, కాదనను. దాన్ని కాపాడుకోవాల్సిందే. కానీ లక్షల కిలోమీటర్లు తిరిగి, మూడు తరాలను మోసి, ముగ్గురు పెళ్లికూతుళ్లను అత్తారింట్లో దించిన అంబాసిడర్‌కు మన సత్కారం ఏమిటి? ముందు భాగం కోసి రెస్టారెంట్లో క్యాష్ కౌంటర్ చేయడం!

చైతన్యరథాన్నే తీసుకోండి. 1982లో ఎన్టీఆర్ ఒక పాత షెవ్రోలే వ్యానును ప్రచార రథంగా మార్పించుకుని రాష్ట్రమంతా తిరిగారు. 1983 జనవరికి ప్రభుత్వమే మారిపోయింది. ఇవాళ్టి నిబంధనలు పెట్టి దాన్ని తూచండి. వింటేజ్ అనాలంటే బాడీ, ఛాసిస్, ఇంజను అసలు రూపంలో ఉండాలి. రథం చేయించిన రోజే బాడీ మారింది. కాబట్టి వింటేజ్ కాదు. పోనీ మామూలు బండా? ఎప్పుడో 15 దాటేసింది. కుర్చీలు కదిల్చిన బండికి మన రూలు బుక్కులో పేరే లేదు.

‘వయసు కాదు, బండి ఆరోగ్యమే ముఖ్యం’ అని తుక్కు విధానం తెచ్చినప్పుడు ఎంత తియ్యగా చెప్పారు! ఫిట్‌నెస్ పరీక్షలో తప్పితేనే తుక్కన్నారు. ఢిల్లీలో మాత్రం డీజిలుకు పదేళ్లు, పెట్రోలుకు పదిహేను అని గీత గీసేశారు. 2025 జులై 1 నుంచి పాత బండ్లకు బంకుల్లో చుక్క పోయొద్దన్నారు. కెమెరాలు పెట్టారు. పోలీసులను నిలబెట్టారు. మూడో రోజుకే నాలిక కరుచుకుని, అబ్బే ఇప్పుడు కాదన్నారు. ఆరోగ్యం చూసిందెవరు?

మన దగ్గర చూస్తారా? మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. ఆయనది 1996 అంబాసిడర్. రెన్యువల్‌కు పోతూ ముందురోజు బ్రేకులు చూపించుకున్నారు, లైట్లు సరిచేయించారు, బండి తుడిచి బొట్టుపెట్టారు. ఆర్టీఏ ఆఫీసు గేటు దగ్గరే బ్రోకరు తగిలాడు. ‘బండెందుకు తెచ్చారు మాస్టారూ? కాగితాలు పంపితే చాలు కదా!’ బ్రేకుల్లేని బండికీ, బ్రేకులున్న బండికీ అక్కడ ఒకటే రేటు. ఇదీ మన పరీక్ష!

ఇక బంకుకు పోదాం. ఇక్కడ తమాషా మరీ పసందు. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపాలన్నది మొదట 2030 లక్ష్యం. దాన్ని 2025కు లాక్కొచ్చి పూర్తి చేశారు. రోడ్ల గుంతలకు లేని తొందర దీనికెందుకో మరి! 2021లో నీతి ఆయోగ్ నివేదిక ఏం చెప్పింది? ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొందించి, 10 శాతం మిశ్రమానికి సర్దిన కార్లకు మైలేజీ 6, 7 శాతం పడిపోవచ్చంది. పాత బండ్ల కోసం 10 శాతం రకాన్నీ అందుబాటులో ఉంచమంది. శక్తి తగ్గిన ఇంధనానికి ధరా తగ్గాలంది. మైలేజీ పడింది. 10 శాతం రకం బంకుల్లో కనిపించదు. ధర? ఇథనాలే పెట్రోలు కంటే ఖరీదైపోయిందని సర్కారువారి జవాబు. నీళ్లు కలిపిన పాలకు పాల ధర వసూలు చేసే మా ఊరి పాలవాడు నయం. కనీసం నీళ్లు ఖరీదయ్యాయని అనలేదు.

ఆ ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాత రబ్బరు పైపులను పొడిబార్చి పగలగొడుతుంది. ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని కదిల్చి ఫిల్టర్‌లోకి, కార్బ్యురేటర్‌లోకి తోస్తుంది. కాబట్టి పాత కారు పెట్టుకున్న మహానుభావులారా, ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించుకోండి. ఫిల్టర్ తరచూ మార్చండి. నెలల తరబడి అదే పెట్రోలుతో బండిని షెడ్డులో పెట్టకండి. ఎక్కడైనా పెట్రోలు వాసన వస్తే ‘పాత బండి కదా, మామూలే’ అనుకోకండి. ఆ మామూలే మంటవుతుంది.

అసలు మనమేమైనా తక్కువ తిన్నామా? పైన పటారం, లోన లొటారం! పెయింటుకు లక్ష పోస్తాం, బ్రేక్ ఆయిలుకు వెయ్యి ఇవ్వం. అదీ తేమ పీల్చేదే. రెండేళ్లకోసారి మార్చకపోతే ఘాట్‌రోడ్డు దిగేటప్పుడు తొక్కిన పెడల్ నేలకు ఆనొచ్చు. టైరు మీద గీతలున్నాయిగా అంటాం. దాని అంచు మీద నాలుగంకెలు ఎప్పుడైనా చూశారా? 2316 అని ఉంటే 2016లో 23వ వారం చేసిన టైరు. అంటే మీ మనవడు బడికి పోవడం మొదలుపెట్టక ముందే అది రిటైరవ్వాల్సింది. రేడియేటర్లో కూలెంట్ పొయ్యమంటే బోరు నీళ్లు పోసి, సున్నం పట్టాక ‘కంపెనీ రోజుల సరుకు రావట్లేదండీ’ అని నిట్టూరుస్తాం. కంపెనీ ఎక్కడుంది? ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లోనే అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఆ పేరును 2017లో 80 కోట్లకు ఫ్రెంచి వాళ్లకు అమ్మేశారు. పేరు 80 కోట్లు, బండి కిలోల లెక్క!

మొన్న ఆదివారం ఊరేగింపు కోసం ట్రాఫిక్ ఆపేశారు. ముప్పావు గంట. ఎండలో ఆగినవాళ్లలో మా మాస్టారూ ఉన్నారు, తన అంబాసిడర్‌లో. ఆయనకు 78 ఏళ్లు. ఎదురుగా దండలేసుకుని వింటేజ్ బండ్లు పోతున్నాయి. పక్కన బైకు మీది కుర్రాడు అద్దంలోకి వంగి, ‘తాతగారూ, మీరూ ఆ లైన్లోకి పోండి. ఎవరూ ఆపరు’ అన్నాడు.

‘ఇప్పుడే ఏం తొందర నాయనా! 2046లో పోతాలే’ అన్నారు మాస్టారు. ఇంజను ఆపేసి, అద్దం దించుకుని కూర్చున్నారు.