నీళ్ళొదలని దానం

దానం చేసేటప్పుడు చేతిలో నీళ్ళు పోసి వదిలేయమంటారు పురోహితులు. నీళ్ళు పళ్ళెంలో పడ్డాయంటే వస్తువుతో మనకిక సంబంధం లేదు. శాస్త్రం అంతవరకూ బాగానే చెప్పింది. ఆచరణలో మాత్రం, గృహప్రవేశంలో పెట్టిన పంచెలచాపు ఆ పంతులుగారు కట్టుకున్నారా, లేక పక్కవీధి సత్యనారాయణ వ్రతంలో మళ్ళీ పళ్ళెమెక్కిందా అని మూడు తరాలపాటు ఆరా తీస్తాం. నీళ్ళు వదిలాం గానీ కన్ను వదల్లేదు.

ఇలాంటి జాతిని తీసుకెళ్ళి ఇంగ్లండులో దింపితే మొదట కలవరపెట్టేది చలి కాదు, ఛారిటీ షాపు. జనం ఊరికే ఇచ్చిన బట్టలు, పుస్తకాలు, గిన్నెలు తీసుకుని, వాటికి ధర కట్టి అమ్మి, వచ్చిన డబ్బు క్యాన్సర్ పరిశోధనకో, గుండెజబ్బులకో, దిక్కులేని గుర్రాలకో పంపే దుకాణం అది. బ్రిటన్ మొత్తం మీద పదివేలకు పైగా ఉన్నాయి. రెడింగ్‌లో మా ఇంటి దగ్గర బ్యాంకు మూసేస్తే ఆ గదుల్లో ఇదే వెలిసింది. ఊరికే ఇచ్చినదాన్ని అమ్ముకోవడమేమిటని ముక్కున వేలేసుకునే తెలుగువాడు, అరగంట తర్వాత అక్కణ్ణించే మూడు పౌండ్ల కోటు కొనుక్కుని బయటికొస్తాడు.

ఈ వ్యాపారానికి చరిత్ర ఉంది. 1942లో, నాజీ కూటమి చేతిలో చిక్కిన గ్రీసులో జనం ఆకలితో మాడిపోతుంటే ఆక్స్‌ఫర్డ్‌లో కొందరు పెద్దలు కూడి కరువు సహాయ సంఘం పెట్టారు. అదే తరవాత ఆక్స్‌ఫామ్ అయింది. యుద్ధం అయిపోయాక జనం సామాన్లు తెచ్చి ఇస్తూనే ఉంటే ఆ దశాబ్దం చివర్లో బ్రాడ్ స్ట్రీట్ 17వ నంబరులో దుకాణం తెరిచారు. 1949లో జో మిటీ అనే ఆయన దాని బాధ్యత తీసుకున్నాడు. ఎవరేది ఇచ్చినా కాదనకుండా అమ్మేవాడట, ఒకసారి ప్రాణమున్న గాడిదతో సహా. ఆ గాడిదనిచ్చిన దాత మర్నాడు వచ్చి, "మా గాడిదని మర్యాదస్తులకే అమ్మారా?" అని నిలదీసి ఉంటే ఆయన పూర్వీకులది కచ్చితంగా కృష్ణా జిల్లాయే.

మా ఆవిడ శనివారాలు ఇలాంటి ఒక దుకాణంలో వలంటీరుగా పనిచేస్తుంది. ఆర్నెల్లుండి వెళ్దామని గుడివాడ నుంచి వచ్చిన మా అత్తగారు ఆ సంగతి విని అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"మంచివన్నీ ముందు మీరే ఏరేసుకుంటారు కదుటే అమ్మాయ్?"

ఈ అనుమానం అందరికీ ఉన్నదే. ఇంగ్లీషువాళ్ళు దీన్ని గొంతు తగ్గించి అడుగుతారు, మనం భోజనాల దగ్గర అడుగుతాం. మా అత్తగారు ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. సమాధానం వింటే ఒప్పుకోరు, చేసి చూపించాలి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు ఉద్యోగం చేయకూడదు గానీ, రిజిస్టరైన ధార్మిక సంస్థలో మొత్తం 30 రోజులు దాటకుండా స్వచ్ఛందంగా పని చేయవచ్చని ఇక్కడి నిబంధన. అలా ఆవిడ తనిఖీకి వెళ్ళారు. దుకాణంవాళ్ళు మాత్రం సాయానికొచ్చారనుకున్నారు.

వెనకగదిలో ఆవిడ మొదట చూసింది నిబంధనల కాగితం. వలంటీరుకు ఏదైనా నచ్చితే కొనుక్కోవచ్చు, కానీ అది ముందు ఒకరోజు దుకాణంలో వేలాడాలి, బయటివాళ్ళకు అవకాశం రావాలి. ధర వేరేవాళ్ళు కట్టాలి, బిల్లు ఇంకొకరు కొట్టాలి, రసీదు మీద మేనేజరు సంతకం ఉండాలి. జేబుల్లో డబ్బు దొరికితే పుస్తకంలో రాయాలి. సాయంత్రం గల్లా ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి. అత్తగారు రెండుసార్లు చదివి, బాగానే ఉంది గానీ ఒక లోపముందన్నారు.

మా మామగారు బ్యాంకులో ఉన్న రోజుల్లో తిరుమల పరకామణి సేవకి వెళ్ళొచ్చారు. హుండీ డబ్బు లెక్కపెట్టే ఆ సేవలో జేబులున్న బట్టలు కుదరవు, పంచె కట్టుకుని కూర్చోవాల్సిందే. కాబట్టి వలంటీర్లందరి జేబులూ కుట్టేస్తే సరిపోతుందని అత్తగారి సూచన. సూదీ దారం కూడా తనే తెస్తానన్నారు. మేనేజరమ్మ ఎర్రబడి, అలా చేస్తే మనుషుల్ని అవమానించినట్టవుతుందని నచ్చజెప్పబోయింది.

"దేవుడి డబ్బు లెక్కపెట్టేవాళ్ళకి లేని రోషం పాతచొక్కాలు లెక్కపెట్టేవాళ్ళకెందుకు?" అన్నారు అత్తగారు. మా ఆవిడ దీన్ని ఇంగ్లీషులోకి మార్చి, "మీ పద్ధతి చాలా బాగుందంటోంది అమ్మ" అని చెప్పింది. ఆ దుకాణం మొత్తంలో నా కంటపడిన మోసం అదొక్కటే.

నేను ఆ తర్వాత చాలాసేపు ఆలోచించాను. పరకామణి ఎవర్నీ నమ్మదు, అందుకని అక్కడ ఎవరికీ అవమానం లేదు. ఛారిటీ షాపు అందర్నీ నమ్మి, ఆ నమ్మకాన్ని పుస్తకంలో రాసి, కింద రెండు సంతకాలు పెట్టించుకుంటుంది. నిజాయితీ అనేది మహానుభావుల గుండెల్లో ఉంటుందంటారు గానీ, నేను చూసినంతలో అది ఎక్కువగా రసీదు పుస్తకాల్లోనే కాపురముంటుంది.

అసలు తమాషా సంచులు విప్పాక మొదలైంది. అత్తగారు దుకాణంవాళ్ళని పట్టుకుందామని వెళ్ళి దాతల్ని పట్టుకున్నారు. ఒకే కాలి మేజోడు. టీవీ లేని రిమోటు. ఎవరిదో పేరు చెక్కిన బౌలింగ్ కప్పు. సగం కాలిన కొవ్వొత్తి. ఉతకని బట్టల సంగతి భోజనానికి ముందు చదివేవాళ్ళుంటారని వదిలేస్తున్నాను. ముక్కలు పేర్చి బొమ్మ చేసే ఒక ఆట డబ్బా మీద దాత స్వయంగా "ఒక్క ముక్క తక్కువ" అని రాసి ఇచ్చారు. ఆ చీటీ చూసి అత్తగారికి కళ్ళు చెమర్చాయి. వారం మొత్తం మీద ఎదురైన ఏకైక సత్యహరిశ్చంద్రుడు.

గుడివాడలో పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆడమనిషి వచ్చేది. ప్రతి చొక్కానీ ఎండకు ఎత్తిపట్టి, కాలరు తిప్పి, చంకల కింద చూసి, మూడు ప్యాంట్లకు టీ గిన్నె కూడా రాదని తేల్చేది. మా అత్తగారంతటి మనిషి కూడా చిరుగుని మడత లోపలికి పెట్టి ఇచ్చేవారట. ఆ సామాన్లమనిషి మడత విప్పేది. అక్కడ ఇచ్చేవాళ్ళ నిజాయితీకి పరీక్ష ఉంది. ఇక్కడ సంచి గుమ్మంలో పెట్టి, పుణ్యం మూటగట్టుకుని కారెక్కిపోతే అడిగే నాథుడు లేడు.

అడిగేవాడు లేకపోయినా ఖర్చు మాత్రం ఉంది. అమ్ముడుపోని చెత్తను తీయించడానికి దుకాణమే డబ్బు కట్టుకోవాలి. కరెంటు వస్తువైతే పరీక్ష చేయించాలి. సోఫాకి నిప్పు తొందరగా అంటుకోదని తెలిపే చీటీ కుట్టి ఉండాలని 1988 నాటి నిబంధన, చీటీ లేకపోతే ఎంత మెత్తని సోఫా అయినా అమ్మకూడదు. పుస్తకాలది మరో కథ. స్వాన్సీలో ఒక ఆక్స్‌ఫామ్ దుకాణానికి 'ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే' ప్రతులు ఎన్ని వచ్చిపడ్డాయంటే, 2016లో వాటిని పేర్చి గదిలో కోట కట్టి, ఇక చాలు బాబూ అని వేడుకున్నారు. చదవడానికి సిగ్గుపడని జనం ఇంట్లో ఉంచుకోవడానికి సిగ్గుపడ్డారన్నమాట.

ఇంతకీ గుమ్మంలో పెట్టిన సంచి ఎవరిది? మన లెక్కన నీళ్ళొదిలేశాం, మనది కాదు. ఇంగ్లీషు కోర్టు లెక్క వేరు. ఒక పెద్దమనిషి ఛారిటీ షాపు ముందు పెట్టిన సంచులు ఎత్తుకెళ్ళి, పారేసినవాటిని తీసుకుంటే దొంగతనమెలా అవుతుందని వాదించాడు. 2010లో హైకోర్టు తేల్చిందేమిటంటే: దుకాణంవాళ్ళు చేతిలోకి తీసుకునేదాకా అవి ఇచ్చినవాళ్ళవే. దుకాణం వెనక చెత్తడబ్బాలో వేసినవైతే దుకాణానివి. అంటే మనం దానం చేసి ఇంటికెళ్ళి అన్నం తిని పడుకున్నా, ఆ సంచి తెల్లవార్లూ మన ఆస్తిగానే వానలో తడుస్తూ ఉంటుంది.

ఇంతకన్నా విచిత్రం గిఫ్ట్ ఎయిడ్. పన్ను కట్టేవాడు ధార్మిక సంస్థకు పౌండు ఇస్తే ప్రభుత్వం దాని మీద మరో 25 పెన్నీలు కలుపుతుంది. కాకపోతే ఇది డబ్బుకే గానీ వస్తువులకు వర్తించదు. అందుకని ఒక ఏర్పాటు చేశారు. సామాను అమ్ముడయ్యేదాకా చట్టప్రకారం మనదే, దుకాణం మన తరఫున అమ్మిపెట్టే ఏజెంటు మాత్రమే. అమ్మాక, ఇంతకు పోయింది, ఈ డబ్బు మాకిచ్చేస్తారా, మీరే ఉంచుకుంటారా అని ఉత్తరం రాస్తారు. ఆలోచించుకోవడానికి 21 రోజులు గడువు. నిజాయితీ కావాలని గొంతు చించుకునేవాళ్ళందరికీ ఈ ఉత్తరం ఒకసారైనా రావాలి.

మాకొచ్చింది. మా పెళ్ళిలో దూరపు బంధువులు పెట్టిన ధర్మవరం పట్టుచీర రంగు నచ్చక మా ఆవిడ ఎన్నడూ కట్టలేదు. దాన్నీ, నా రెండు చొక్కాల్నీ కలిపి ఇచ్చాం. అన్నీ కలిపి ఆరున్నర పౌండ్లకు పోయాయని ఉత్తరం. ప్రభుత్వం మరో పౌండున్నర పైచిలుకు కలుపుతుందని సంతోషంగా తెలియజేశారు. లెక్కల టీచరుగారు వెంటనే కాగితం తీశారు. చొక్కాలకు రెండేసి పౌండ్లు వేసుకుంటే చీరకి మిగిలింది రెండున్నర.

ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు. తర్వాత వాకబు చేస్తే తేలిందేమిటంటే, మడతలో ఉన్న అయిదున్నర మీటర్ల గుడ్డని చూసి ఎవరో పాపం కర్టెన్ల కమ్మీకి తగిలించారు. కొన్నవాళ్ళు కూడా కర్టెన్ అనుకునే కొన్నారు. ఇప్పుడు మా ఆవిడ వీధిలో నడుస్తూ జనాల కిటికీల్లోకి తొంగిచూస్తుంటే పోలీసులేమంటారోనని నా భయం.

"మోసం చేశారనలేం అల్లుడుగారూ. మోసమైతే ఎవరో ఒకరు బాగుపడాలి. ఇక్కడ ఎవరూ బాగుపడలేదు" అన్నారు అత్తగారు. ఆ తర్వాత వచ్చిన చీరలన్నిటికీ తనే ధర కట్టారు, నలభై పౌండ్లకు తగ్గకుండా. న్యాయమైన ధర. అవి న్యాయంగా ఈరోజుకీ అక్కడే వేలాడుతున్నాయి.

ఆవిడని సముదాయిద్దామని నేను తిరుమలే గుర్తుచేశాను. "తలనీలాలు ఇస్తాం కదండీ అత్తయ్యగారూ, దేవస్థానం వాటిని పొడవుని బట్టి రకాలుగా విడదీసి వేలం వేస్తుంది. నా జుట్టు ఎంతకు పోయిందని ఎప్పుడైనా ఉత్తరం అడిగామా?"

"జుట్టు మళ్ళీ మొలుస్తుందండీ. ధర్మవరం చీర మొలవదు."

దీనికి నా దగ్గర సమాధానం లేక, ఆవిడ తనిఖీలో తేలని అసలు ప్రశ్న దుకాణంలో నేనే అడిగాను. అమ్ముడుపోని బట్టలేమవుతాయి? మూటగట్టి, కిలోల లెక్కన పాతగుడ్డల వర్తకులకు అమ్మేస్తారు. అందులో చాలా భాగం ఓడలెక్కి ఆఫ్రికా దేశాల సంతలకూ, మన దేశానికీ వెళ్తుంది. 1813లో యార్క్‌షైర్‌లోని బాట్లీలో బెంజమిన్ లా అనే ఆయన పాత ఉన్నిగుడ్డల్ని చీల్చి మళ్ళీ నూలు తీసే పద్ధతి కనిపెట్టాడు. ఆ పరిశ్రమ ఇక్కడ పోయి పానిపట్టులో స్థిరపడింది. కోట్లకు బొత్తాలు, జిప్పులు పీకేసి, రంగుల వారీగా వేరుచేసి, చీల్చి వడికి దుప్పట్లు నేస్తారు. భూకంపాలొచ్చినప్పుడు సహాయ సంస్థలు పంచే దుప్పట్లలో ఇవీ ఉంటాయి. మనం మూడు యుద్ధాలు చదువుకున్న పానిపట్టులో ఇంగ్లీషు దొరల కోట్లకు పట్టే గతి ఇది.

ఇందులో దాపరికం లేదు, అడిగితే చెప్తారు. అయితే తమ కోటు నేరుగా చలికి వణికే ముసలాయన భుజాల మీదికి వెళ్తుందనుకునే దాతలే ఎక్కువ, వాళ్ళు అడగరు. దుకాణం పనిగట్టుకుని చెప్పదు. ఇద్దరి మధ్యా చిన్న అబద్ధం మర్యాదగా కూర్చుని ఉంటుంది. పట్టుకోవాల్సిందేదైనా ఉంటే అదే. కోటు ముక్కలై అమ్ముడుపోయినా దాని డబ్బు మందుగానో అన్నంగానో మారుతుందని గుమ్మం మీదే పెద్దక్షరాలతో రాసిపెడితే ఎవరి పుణ్యమూ తరగదు.

అత్తగారు ఊరెళ్ళేముందు ఇంకో మెట్టు ఎక్కారు. అమ్మిన వస్తువుల గురించి దాతలకు ఉత్తరం రాస్తున్నప్పుడు, అమ్మలేని వస్తువుల గురించి ఎందుకు రాయకూడదని. ఎర్ర పెన్నుతో నమూనా కూడా తయారుచేశారు: "అయ్యా, తమరు దయతో ఇచ్చిన సంచిలో పనికొచ్చినవి రెండు, పనికిరానివి పదకొండు. మేజోడు రెండో కాలిది ఇంట్లో వెతకగలరు. పారేయించడానికి అయిన ఖర్చు తమరి ఖాతాలో రాసుకున్నాం. మార్కులు: పదమూడుకి రెండు."

మేనేజరమ్మ దాన్ని చదివించుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, అద్దంలో పెట్టి వెనకగది గోడకి తగిలించింది. పంపడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఇచ్చేవాళ్ళ మనసు నొప్పించకూడదట, నొచ్చుకుంటే ఇవ్వడం మానేస్తారట.

"మానేస్తే మనకి నష్టం రెండు వస్తువులేగా" అన్నారు లెక్కల టీచరుగారు.